దేవసహాయం మోకాలికి మోటారు

నేను ఒక సైకిల్ని. ఈ మాట గట్టిగా అనలేను. అంటే పక్కనున్న మోపెడ్లు నా కడుపులోని ఇంజన్ వైపు చూసి నవ్వుతాయి. పోనీ మోటారు బండినని చెప్పుకుందామంటే, నా పెడళ్ళు చూసి ఊళ్ళో సైకిళ్ళు మొహం తిప్పుకుంటాయి. రెంటికీ చెడ్డ రేవడినని మీరనుకోవచ్చు. రెంటికీ పనికొచ్చినదాన్నని నేననుకుంటాను. నన్ను చేసిన మనిషి కూడా అలా అనుకునే చేశాడు.

నా మొదటి పుట్టుక గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఎక్కడో ఫ్యాక్టరీలో వేలమందితో పాటు పుట్టి, నల్లరంగు పూయించుకుని, లారీ ఎక్కి నరసరావుపేటలో దిగాను. నన్ను కొన్నవాడు దేవసహాయం. ఆ నెలలోనే అతనికి సాగర్ కాలువ మీద లస్కరు ఉద్యోగం వచ్చింది. లస్కరంటే కాలువకు కాపలా మనిషి. పెద్ద కాలువ నుంచి చీలిన ఒక మేజరు కాలువ కట్ట మీద పదకొండు కిలోమీటర్లు అతని బీటు. పొద్దున్నే కాలువ మొదలయ్యే తల దగ్గర నీళ్ళు వదిలే షట్టరు చూసుకుని, అక్కణ్ణుంచి చివరి తూము దాకా కట్ట ఎక్కడ కుంగిందో, ఎక్కడ నీరు ఊరుతోందో చూసుకుంటూ పోవాలి. రైతులు ఎవరికి వారు షట్టరు తిప్పుకోకుండా దాని ఇనుప చెయ్యి ఊడదీసి లస్కరు తన దగ్గరే ఉంచుకోవాలి. ఆ ఇనుప చెయ్యి నా కడ్డీకి కట్టి ఉండేది. ఇరవై ఎనిమిదేళ్ళు దాన్ని మోశాను.

దేవసహాయం పని తీరు చూసి తీరవలసిందే. ప్రతి అరకిలోమీటరుకూ నన్ను స్టాండు వేసి, చెప్పులు విడిచి, కట్ట బయటి వాలు మీద వట్టి కాళ్ళతో నడిచేవాడు. తడి అతని అరికాళ్ళకు ముందే తెలిసేది. ఎక్కడైనా నీరు ఊరుతుంటే దోసిట్లోకి పట్టి చూసేవాడు. తేటగా ఉంటే తడిమట్టి నొక్కి ముందుకు పోయేవాడు. బురదగా ఉంటే మాత్రం కట్ట లోపల మట్టి కరుగుతోందని, ఇక గండి పడడానికి గంటలే ఉన్నాయని అర్థం. "నా బీటులో గండి పడలా" అని అతను చెప్పుకునే తీరు వింటే, పిల్లల మార్కులు చెప్పుకునే తల్లిదండ్రులు గుర్తొచ్చేవారు.

అట్లాంటి మనిషి ఒకరోజు షట్టరు గట్టు మీద పాచికి జారాడు. కుడి మోకాలు చిట్లింది. కట్టు విప్పాక ఆ కాలు నిలబడడానికి పనికొచ్చింది గాని, వంగడానికి పనికిరాలేదు. వంగని కాలితో సైకిలెలా తొక్కుతారు? నన్ను నడిపించుకుంటూ బీటు తిరగడం మొదలుపెట్టాడు. చివరి తూము చేరేసరికి మిట్టమధ్యాహ్నమయ్యేది.

లస్కర్ల పైన ఉండే కాలువ ఇన్‌స్పెక్టరు చెడ్డవాడు కాదు. అయినా ఒకరోజు చెప్పవలసిన మాట చెప్పాడు. "దేవసహాయం, పొద్దున ఎనిమిదింటికల్లా చివరి తూము కబురు నాకు రావాల. రాకపోతే ఈ సీజనుతో సరి, ఇంకో మనిషిని చూసుకుంటా. మూడేళ్ళలో రిటైరయ్యేవాడివి, నాకూ ఈ మాట చెప్పాలని లేదు." మోటారు సైకిలు కొనుక్కుందామంటే కట్ట మీద బళ్ళు పోకుండా రెండుచోట్ల రాతి స్తంభాలు పాతారు. మధ్యలో పిల్ల కాలువ దాటడానికి రెండడుగుల వెడల్పున మెట్లున్న చప్టా ఒకటుంది. అక్కడ సైకిలైనా సరే ఎత్తి పట్టుకునే దాటాలి. ఆ సాయంత్రం దేవసహాయం ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. అతని భార్య సువార్తమ్మ నన్ను ఒకసారి, అతని మోకాలిని ఒకసారి చూసి, పొద్దున్నే నన్ను నడిపించుకుని నాగుల్ మీరా దగ్గరికి వెళ్ళింది.

మీరా సెంటర్లో మందు కొట్టే పంపులు బాగుచేస్తాడు. మా వైపు మిరప తోటల పుణ్యమా అని ఊరికి వంద తైవాన్ పంపులుంటాయి, వందా చెడిపోతుంటాయి. మాట తక్కువ, ఆలోచన ఎక్కువ మనిషి. చెప్పింది విని, పైకి తగిలించిన ఇంజన్ ఒకటి కిందికి దించాడు. చిన్న ఫోర్ స్ట్రోక్ ఇంజన్, చంకలో ఇమిడిపోతుంది. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమంటారే, మీరా మోకాలికీ మందు పంపుకూ ముడిపెట్టాడు.

ఆ ఇంజన్ కథ సెంటర్లో అందరికీ తెలుసు. పాత పంపులకు పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోయాలి. మా రైతులకు అది ముప్పై ఏళ్ళ అలవాటు. ఫోర్ స్ట్రోక్ వాటం వేరు. పెట్రోలు పెట్రోలే, ఆయిలుకు కింద వేరే గది, వేరే మూత. ఒక రైతు కొత్త పంపు కొని, పాత అలవాటు కొద్దీ ఆయిలు పెట్రోల్లో కలిపి, కింద గదిని ఎండబెట్టాడు. నెల తిరక్కుండా ఇంజన్ పట్టేసింది. తుక్కు కింద పారేస్తే మీరా తెచ్చి, సిలిండరు రుద్ది, రింగులు మార్చి బతికించాడు. ఈ కథ మీరా టీకొట్టు దగ్గర చెబితే అందరూ పగలబడి నవ్వారు. వారిలో దేవసహాయం కూడా ఉన్నాడు. ఆ నవ్వు గుర్తుంచుకోండి.

పందొమ్మిది రోజులు నన్ను ఆ కొట్లో బల్ల మీద పడుకోబెట్టారు. మనుషులు చేసే పనుల్లో నేను చూసిన గొప్పది అదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ముందు మీరా దేవసహాయాన్ని పిలిచి బియ్యం బస్తా ఎత్తించాడు. "ఇది ఇరవై ఐదు కేజీలు బాబాయ్. రోజూ చప్టా మీద ఇంత బరువు ఎత్తగలవా?" ఎత్తగలనన్నాడు. ఇక ఆ లెక్క దాటకుండా నా మీద ప్రతి బోల్టూ తూకం వేశాడు. తర్వాత దేవసహాయాన్ని నా మీద కూర్చోబెట్టి, వంగని కాలు ఎక్కడ హాయిగా ఆగుతుందో సుద్దముక్కతో గీసుకున్నాడు. ఆ గీత దగ్గర కాలు చాచి పెట్టుకోవడానికి ఇనుప పట్టీ అతికాడు.

ఇంజన్ను నా త్రికోణంలో కూర్చోబెట్టడం తేలికే. దాని బలం వెనక చక్రానికి చేర్చడమే పెద్ద తంటా. ఆ ఇంజన్ మహా దూకుడుగా తిరుగుతుంది. ఆ వేగం ఉన్నదున్నట్టు చక్రానికిస్తే నేను కట్ట మీద కాదు, కాలువలో ఉంటాను. మధ్యలో ఒక ఇరుసు పెట్టి, చిన్న పళ్ళచక్రం నుంచి పెద్ద పళ్ళచక్రానికి గొలుసేసి వేగం తగ్గించాడు. పెడళ్ళ గొలుసు కుడివైపు ఉంది గనక ఇంజన్ గొలుసు ఎడమవైపు వేశాడు. మొదటిరోజు ఎడమ పళ్ళచక్రం మరలతో బిగించి నడిపితే పది గజాలకే ఊడి దొర్లిపోయింది. ఎడమవైపున తిరిగే కొద్దీ మర విప్పుకుంటుందని అప్పుడు తెలిసింది. మీరా విసుక్కోలేదు. ఊడిన పళ్ళచక్రాన్ని రోడ్డు మీంచి ఏరుకొచ్చి, లారీ ట్యూబు రబ్బరు ముక్కలు రెండువైపులా పెట్టి, దాన్ని నేరుగా నా వెనక చక్రం పుల్లలకే బోల్టులతో బిగించాడు. ఆ రబ్బరు వల్ల కుదుపు నాకు తగల్లేదు. అంత ఒద్దికైన పని ఫ్యాక్టరీలో కూడా నాకెవరూ చేయలేదు.

పెడళ్ళ దగ్గర ఒక గొడవ వచ్చింది.

"అయ్యి ఇంకెందుకురా అబ్బాయ్? పీకి పారెయ్యి. మోకాలికి తగుల్తయ్" అంది సువార్తమ్మ.

"పీకను పిన్నీ. కాళ్ళు దేవుడు చేసినయ్, ఇంజను నేను చేసింది. నాది ఏదో ఒకనాడు ఆగిపోద్ది."

అందుకే ఇంజన్ ఆగితే చక్రానికి అడ్డం పడకుండా ఆగగానే విడిపోయే దాని క్లచ్చు తీయకుండా ఉంచాడు. ఇల్లరికపుటల్లుడిలా కాక అతిథిలా ఉండాలన్నమాట అది నాలో.

ఇరవయ్యో రోజు నన్ను దేవసహాయానికి అప్పగించాడు. చేతిలో ఆయిలు డబ్బా పెట్టి, "ఆయిలు సంగతి తెలుసుగా బాబాయ్?" అన్నాడు.

"ఎందుకు తెలవదూ? ఉజ్జోగం రాకముందు మిరప చేలల్లో పంపు మోసినోణ్ణే గదా."

మీరా సంతోషంగా తల ఊపాడు. నాకు నోరుంటే ఆ క్షణాన అరిచేదాన్ని. టీకొట్టు దగ్గర నవ్వాడే గాని దేవసహాయానికి ఆ కథ అర్థం కాలేదు. అందరూ నవ్వుతుంటే నాకర్థం కాలేదని ఒక్కడు ఎలా అంటాడు? మనుషుల్లో ఇదొక చిత్రం, తెలియకపోవడానికి సిగ్గుపడతారు గాని తెలుసనడానికి సిగ్గుపడరు.

తర్వాతి రెండు నెలలూ నా జీవితంలో పండగ. ఎడమకాలితో రెండుసార్లు తొక్కి లీవరు నొక్కితే ఇంజన్ అందుకునేది. ఎనిమిది కాకముందే చివరి తూము దగ్గర ఉండేవాళ్ళం. ఇన్‌స్పెక్టరు ఒకసారి వచ్చి, చుట్టూ తిరిగి చూసి, "ఎవరు చేశారయ్యా దీన్ని?" అని అడిగి, మళ్ళీ ఇంకోమనిషి మాట ఎత్తలేదు. దేవసహాయం మాత్రం పెట్రోలు పోసిన ప్రతిసారీ లీటరుకు మూతెడు ఆయిలు శ్రద్ధగా కలిపి పోసేవాడు. నీలం పొగ వచ్చేది. పంపులన్నీ పొగ వదులుతాయి గదా అనుకున్నాడు. కింద గదిలో మీరా పోసిన ఆయిలు రోజురోజుకూ తరిగిపోయింది.

ఆ రోజు పొద్దున కాలువ నిండుగా పారుతోంది. ఎనిమిదో కిలోమీటరు దగ్గర దేవసహాయం చెప్పులు విడిచి వాలు దిగాడు, రెండడుగులేసి ఆగాడు. వంగి దోసిలి పట్టాడు. నీళ్ళు బురదగా ఉన్నాయి. బొటనవేలంత ధార, ఏ ఎండ్రకాయ బొరియో అయివుంటుంది. కట్ట కింద మిరప నారుమళ్ళు, వాటి వెనక ముప్పై ఇళ్ళు. ఊళ్ళోకి ఫోన్ చేసి ఇసుక బస్తాలు తెమ్మన్నాడు. కాని బస్తాలు నిలవాలంటే కాలువలో నీళ్ళు తగ్గాలి, నీళ్ళు తగ్గాలంటే తల దగ్గర షట్టరు దించాలి. ఆ షట్టరు చెయ్యి నా కడ్డీకి కట్టి ఉంది. ఎనిమిది కిలోమీటర్లు వెనక్కి పోవాలి. ఆ పనికి ఇంకో మనిషి లేడు.

లీవరు పూర్తిగా నొక్కాడు. అంత వేగంగా నేనెప్పుడూ పోలేదు. ఐదో కిలోమీటరు దాటుతుండగా ఇంజన్ కీచుమంది, వేడి నా కడ్డీలకు పాకింది, ఒక్క కుదుపుతో పట్టేసింది. దేవసహాయం ఇంజన్ తాడు రెండుసార్లు లాగి చూశాడు. కదల్లేదు. "ప్రభువా" అన్నాడు. తర్వాత భుజం మీద తువ్వాలు తీసి, ఎడమ పాదాన్ని పెడలుకు గట్టిగా కట్టుకున్నాడు. కుడికాలు మీరా అతికిన పట్టీ మీద చాచాడు.

ఒంటికాలితో తొక్కాడు. కిందికి తొక్కడమే కాదు, తువ్వాలు కట్టుండడంతో పైకి కూడా లాగాడు. ఆగిపోయిన ఇంజన్ చక్రానికి అడ్డం పడలేదు. స్తంభాల మధ్య నుంచి దూరాం. చప్టా దగ్గర ముడి విప్పి, నన్నెత్తి, దాటి, మళ్ళీ కట్టుకున్నాడు. బియ్యం బస్తా లెక్క తప్పలేదు. అతని ఊపిరి నా హ్యాండిలు మీద పడుతోంది. ఈ మనిషి నావాడని అప్పుడు గర్వపడ్డాను, ఇప్పటికీ పడతాను. షట్టరు దగ్గర ఇనుప చెయ్యి తగిలించి తిప్పి తిప్పి, షట్టరు పలక నేలకు ఆనాక అక్కడే కూలబడ్డాడు.

గండి పడలేదు. బస్తాలు నిలిచాయి.

కబురు విని మీరా కట్ట మీదికి పరిగెత్తుకొచ్చాడు. కింద గది మూత విప్పి వేలు పెట్టి చూశాడు. పొడివేలు బయటికొచ్చింది.

"బాబాయ్, ఆయిలు యాడ పోశావ్?"

"పెట్రోల్లోనే అబ్బాయ్. లీటరుకి మూతెడు. ఒక్కరోజు తప్పలా."

మీరా మూత మళ్ళీ బిగించాడు. నవ్వలేదు. దేవసహాయం పక్కన కూర్చుని అతని ఎడమకాలు పిసుకుతూ అన్నాడు. "ఊరందరికీ కత జెప్పి నవ్విచ్చా గాని, మూత విప్పి నీకు చూపిచ్చలా. తప్పు నాదే."

"నాదే. తెలవకపోయినా తెలుసన్నా."

ఇద్దరూ తప్పు కోసం కాసేపు పోటీ పడ్డారు. మనుషులు తప్పు నాదంటే నాదని పోట్లాడుకోవడం నేను అదే మొదటిసారి చూశాను.

మీరా ఆ ఇంజన్ను మళ్ళీ బతికించాడు. మూడేళ్ళూ నడిచింది. దేవసహాయం గండి లేని బీటుతోనే దిగిపోయి, ఇనుప చెయ్యి కొత్త లస్కరుకిచ్చి, నన్ను మీరా కొట్టుకిచ్చాడు. ఇప్పుడు కొట్టు ముందు నిలబడి ఉంటాను. నన్ను చూసి తమకూ ఒకటి కావాలని వచ్చేవాళ్ళున్నారు. ఇప్పటికి పదకొండు చేశాడు, అన్నిటికీ పెడళ్ళున్నాయి.

దేవసహాయం పొద్దున్నే వచ్చి నా పక్కన స్టూలు మీద కాలు చాచి కూర్చుంటాడు. మొన్న ఊరూరా తిరిగి చేపలమ్మే ఒకాయన తన బండి తీసుకోవడానికి వచ్చాడు. మీరా ఆయిలు డబ్బా అందిస్తూ, "ఇది యాడ పొయ్యాలో తెలుసా?" అన్నాడు.

"ఎందుకు తెలవదూ!" అన్నాడు చేపలాయన, డబ్బా చంకన పెట్టుకుంటూ.

దేవసహాయం స్టూలు మీంచి లేచాడు. వంగని కాలితో కుంటుకుంటూ వెళ్ళి ఆ డబ్బా వెనక్కి తీసుకున్నాడు.

"తెలుసనమాక అబ్బాయ్. నేనూ ఇట్టాగే అన్నా. తెలవదని చెప్పు, అప్పుడిస్తా."

చేపలాయన మొహం ముడుచుకున్నాడు. మీరా వైపు చూశాడు, నా వైపు చూశాడు. చివరికి నేల చూపులు చూస్తూ, "సరే, తెలవదులే. చూపిచ్చు" అన్నాడు.

దేవసహాయం నా పక్కన కిందికి చతికిలబడి, చాచిన కాలు పక్కకు పెట్టుకుని, నా ఇంజన్ కింద మూత తన చేత్తో తానే విప్పి చూపించాడు.