చెక్ బిళ్ళ

జర్మనీలో, మాగ్డెబర్గ్ దగ్గర మా సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పొద్దున్నే మొదటి పని చెక్ బిళ్ళ. ఎప్పుడో సిమెంటు పొడిని నొక్కి చేసి పెట్టుకున్నది, అరచేతిలో పడుతుంది. దాన్ని ఎక్స్‌రే యంత్రంలో పెడితే రోజూ ఒకే అంకెలు రావాలి. రాకపోతే తప్పు యంత్రానిదే. బిళ్ళది తప్పని ఎవరూ అనరు.

దాన్ని చేసింది నాకు పని నేర్పిన నరసింహంగారు. అంకె తేడా వస్తే కన్నతండ్రినైనా వదిలే మనిషి కాదు. మార్చిలో పోయారు. అస్థికలు గోదావరిలో కలపాలని ఆయన భార్య ఊర్మిళ ఆంటీ కోరిక. తీరా చూస్తే, ఇక్కడి శ్మశానంలోనే పూడ్చాలని ఆయన ఎప్పుడో ఒక ఫార్ములార్, అంటే ఇక్కడి దరఖాస్తు కాగితం మీద టిక్కు పెట్టి సంతకం చేసేశారు. ఇంట్లో చెప్పనే లేదు. అలాగే పూడ్చేశారు. పూడ్చాక ఇక తియ్యనివ్వదు ఇక్కడి చట్టం.

"నలభై ఏళ్లు కాపురం చేశానమ్మాయ్. ఒక్క మాట అడిగారా నన్ను?" అని ఆంటీ ఏడ్చింది. నాకూ ఆయన మీద ఒళ్లు మండింది.

ఏప్రిల్‌లో ఆ బిళ్ళలో ఫాస్ఫరస్ పెరగడం మొదలైంది. సిమెంటులో అది ఉందా లేదా అన్నట్టుంటుంది. సోమవారం ఒక శాతం చూపించింది. బుధవారం తొమ్మిది. ల్యాబ్‌లో యంత్రాలు చూసే జోనా అంతా విప్పి చూసి, "మిషన్ బంగారంలా ఉందండీ," అన్నాడు. నిజమే, మిగతా బిళ్ళలన్నీ సరిగ్గానే వస్తున్నాయి. శుక్రవారానికి నలభై దాటింది. మిగిలినదంతా దాదాపు సున్నమే.

కాలిన ఎముకకు వచ్చే అంకెలవి.

బిళ్ళకు తగ్గట్టు యంత్రాన్ని సరిచేయడం మా పద్ధతి. నేను సరిచేయలేదు. కొత్త బిళ్ళ ఒకటి పెట్టి, పాతదాన్ని రుమాల్లో చుట్టి ఆంటీ ఇంటికి తీసుకెళ్లాను. భయపడుతూనే ఉన్నదున్నట్టు చెప్పాను.

"పిచ్చి పట్టిందనుకోకండి ఆంటీ. దీనికి మాత్రం ఏ ఫార్ములారూ లేదు."

ఆమె బిళ్ళను చీర కొంగులో ముడి వేసుకుంది.

పది రోజులకు రాజమండ్రి నుంచి ఫోన్ చేసింది. వెనక నీళ్ల చప్పుడు.

"అమ్మాయ్, సిమెంటు నీళ్లు తగిలితే రాయైపోతుందనేవారు కదా మీ సారు?"

"అవునాంటీ."

"ఇది నా చేతిలోనే కరిగిపోయిందే. ఇంకా వదలనైనా లేదు."

నేను ఫోన్‌ను చెవికి అదుముకున్నాను.

"అరచెయ్యి ఇంకా వెచ్చగానే ఉందమ్మాయ్," అంది.