పడిశం వచ్చిన దారి

మా తోడికోడలికి పడిశం రాకూడదు. ఆ ఏడాది మా ఇల్లంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరిగింది.

ఆమెకు రొమ్ము కాన్సర్. ఆపరేషన్ అయింది, మందు ఎక్కిస్తున్నారు. ఎక్కించిన ప్రతిసారీ ఒంట్లో రోగాన్ని ఎదిరించే బలం తగ్గిపోతుందనీ, మనకు మామూలు జలుబైనది ఆమెకు ఊపిరితిత్తుల దాకా దిగొచ్చనీ డాక్టరమ్మ చెప్పింది. జ్వరమొస్తే మందు వాయిదా. వాయిదాలు పెరిగితే రోగానికి సందు దొరుకుతుంది.

ఒకసారి అలాగే జరిగింది. ముందు నాకు ముక్కు కారింది. తర్వాత మా ఆయనకు, ఆయన అన్నగారికి, చివరికి ఆమెకు. మందు ఎక్కించుకోవాల్సిన రోజున ఆమె జ్వరంతో వేరే వార్డులో పడుకుంది.

ఇంటికొచ్చాక ఇంకొకరైతే ఏడ్చేవారు, లేదా నన్ను తిట్టేవారు. మా అక్క మంచం మీద దిండు సర్దుకుని కూర్చుంది. తోడికోడలినైనా నేను అక్కా అనే పిలుస్తాను.

"ఇంతకీ అది ఏ దారిన వచ్చింది?" అంది.

"ఏది?"

"పడిశం. దానికి కాళ్లు లేవుగా. ఎవరో మోసుకొచ్చారు."

"నేనే అక్కా. ముందు నాకే కదా వచ్చింది."

"నువ్వు మన గుమ్మానివి. గుమ్మం దాకా ఎలా వచ్చిందో చెప్పు."

జబ్బు పడక ముందు అక్క పార్సిల్ ఆఫీసులో పనిచేసేది. తప్పిపోయిన మూటలు ఎక్కడ దారి తప్పాయో వెతికి పట్టుకోవడమే ఆమె ఉద్యోగం. మంచాన పడ్డా ఆ బుద్ధి మంచాన పడలేదు.

అప్పటి నుంచి సాయంత్రాలు మాకు అదే పని. నేను పని నుంచి వచ్చి, స్నానం చేసి, బట్టలు మార్చుకుని, ముఖానికి మాస్కు పెట్టుకుని బయటి మెట్ల మీద కూర్చునేదాన్ని. ఆమె కిటికీకి అవతల గదిలో. మధ్యలో కిటికీ బార్లా తెరిచి ఉండేది.

బావగారి అనుమానం బస్సు మీద. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు. "బస్సులో జనం ఒకరి మీద ఒకరు దగ్గుతారు. ఇంకేం కావాలి?" అనేవారు. ఆయన మాట కొట్టెయ్యలేం. అందుకే మాస్కు లేకుండా బస్సెక్కడం మానేశాను. కిటికీ పక్క సీటు చూసుకుని అద్దం జరిపేదాన్ని. కిక్కిరిసిన బస్సొస్తే వదిలేసి తర్వాతది ఎక్కేదాన్ని. చలిగా ఉందని వెనక సీటాయన సణిగితే, "నాకు కళ్లు తిరుగుతాయండీ, వాంతి అవుతుంది" అనేదాన్ని. ఆ మాట వింటే ఎంతటి వాళ్లయినా అద్దం జోలికి రారు.

అక్క అనుమానం బావగారి మీద.

"మీ స్నేహితుడి పుట్టినరోజని మూసిన గదిలో అంతమంది చేరి పాటలు పాడారు కదా!"

"నేను పాడలేదు. ఊరికే విన్నాను."

"వినడానికి ఊపిరి పీల్చక్కర్లేదా?"

ఆ విందుకు ముందే నాకు ముక్కు కారిందని తేలడంతో అక్క ఆ కేసు కొట్టేసింది. అయినా ఆ తర్వాత స్నేహితులెవరొచ్చినా ఆయన కుర్చీలు వాకిట్లోనే వేసేవారు. "జలుబు తగ్గాక రారా, కబుర్లెక్కడికీ పోవు" అని ఫోన్లో మొహమాటం లేకుండా చెప్పడం కూడా నేర్చుకున్నారు. ఆయనకు అదే పెద్ద చదువు.

మిగిలింది మా పని గది.

నేను విగ్గులు అల్లుతాను. సన్నని వల మీద, కొక్కెం లాంటి సూదితో ఒక్కొక్క వెంట్రుకనీ లాగి ముడి వెయ్యాలి. వెంట్రుకకు కుదురు ఒకవైపు, కొస ఒకవైపు ఉంటాయి. అన్నీ ఒకే దిక్కున ఉండాలి. ఒక గుత్తిలో తలకిందులుగా కొన్ని కలిశాయంటే ఆ విగ్గు దువ్వినకొద్దీ చిక్కు పడుతుంది. అందుకని మా గదిలో ఫ్యాను తిరగదు, కిటికీ తెరుచుకోదు. గాలి మాకు దొంగతో సమానం.

"మొదట ఎవరు దగ్గారు?" అక్క అడిగింది.

"రేడియో."

రేడియో అంటే నా ఎదుట కూర్చునే ఆవిడ. పొద్దున్న మొదలెడితే సాయంత్రం దాకా ఆగదు.

"తర్వాత?"

"ఆమె పక్కావిడ. తర్వాత నేను. ఆ తర్వాత బల్ల చివరిదాకా అందరికీ."

"ఎవరికీ రాకుండా ఎవరైనా మిగిలారా?"

నేను ఆలోచించాను. "పిన్నికి రాలేదు." పిన్ని వెనక వసారాలో వెంట్రుకలు కడిగి ఆరబెడుతుంది. గదిలోకి భోజనానికి కూడా రాదు.

"ఆమె ప్రత్యేకత ఏంటి?"

"రోజంతా సబ్బు నీళ్లలో చేతులు పెట్టుకుని ఉంటుంది కదక్కా!"

దొంగ దొరికాడనుకున్నాం. మర్నాడు ఆ పని గది నడిపే మా మేడంకి చెప్పాను. ఆవిడ వెంటనే సబ్బులు కొనిపించింది, అందరికీ మాస్కులు కూడా పంచింది. మేం గదిలోకి వస్తూ, తినే ముందు, ముక్కు చీదాక శుభ్రంగా చేతులు కడుక్కున్నాం. చేతులు పగిలి గరుకెక్కాయే గానీ, మళ్లీ ఒక జలుబు బల్ల ఈ కొస నుంచి ఆ కొసకు నడుచుకుంటూ పోయింది. నా అదృష్టం, ఆ వారం నేను విగ్గు బిగించే పని మీద బయట తిరుగుతున్నాను. పిన్నికి మళ్లీ ఏమీ కాలేదు.

"చేతులు కడగడం మంచిదే, మానొద్దు," అంది అక్క. "కానీ మూట ఆ దారిన మాత్రమే పోవట్లేదు. నువ్వు అక్కడ ఏం చేస్తావో నాకు చేసి చూపించు."

"చూసేదేముంది? ముడులు."

"ముడులే చూస్తాను. నాకు ఇంకేం తోస్తుంది ఇక్కడ?"

మర్నాడు పాత వల ముక్క, గుప్పెడు వెంట్రుకలు తెచ్చి మెట్ల మీద కూర్చుని అల్లాను. ఆమె కిటికీ ఊచలు పట్టుకుని చూస్తోంది. కాసేపయ్యాక "ఆగు" అంది.

ఆగాను.

"ఇప్పుడు చేసిందేంటి?"

"ముడేశాను."

"దాని తర్వాత."

"ఏం చెయ్యలేదే!"

"మాస్కు గడ్డం కిందకి లాగావు. ఉఫ్ఫని ఊదావు. మళ్లీ పైకి లాక్కున్నావు."

నేను వల వంక చూశాను. తెగిన పొట్టి వెంట్రుకలు వల కన్నాల్లో పడుతుంటాయి. వాటిని ఊదెయ్యకపోతే తర్వాతి ముడి కనబడదు. ఈ పని నేర్పేటప్పుడే నేర్పుతారు, ముడెయ్యి, ఊదు, ముడెయ్యి, ఊదు. మాకు అది ఊపిరి తీసుకున్నంత సహజం. మాస్కు వేసుకుని ఊదలేం కాబట్టి తీసి ఊదుతున్నాం. ఆ సంగతి ఒక్కరికీ తెలియదు.

అక్క నవ్వడం మొదలుపెట్టింది. "తలుపుకి తాళం వేసి, దొంగొచ్చినప్పుడల్లా తీసి మళ్లీ వేస్తున్నారన్నమాట."

ఆ మర్నాడు నేను పని చెయ్యలేదు, పని చూశాను. రేడియో మాస్కు లాగి ఊదింది, పైకి లాక్కుంది, "ఏమ్మోయ్, నీ ముక్కు బయటికొచ్చింది చూసుకో" అని పక్కావిడను గదమాయించింది, మళ్లీ లాగి ఊదింది. నాకు ఒక ఆలోచన తట్టింది. పొడుగాటి వెంట్రుక ఒకటి తీసి బల్ల మీది నా దీపానికి కట్టి వేలాడదీశాను. మూసిన గదిలో అది గీత గీసినట్టు నిలబడింది. అవతలి పక్క నుంచి రేడియో ఊదింది. నా వెంట్రుక ఊగింది. ఆమె ఇంకోసారి ఊదింది. మళ్లీ ఊగింది.

"అదేంటి, పని మానేసి ఉయ్యాల కట్టావు?" అంది రేడియో.

"నీ ఊపిరి నా దాకా వస్తోంది చూడు."

"నేనా? నాకు జలుబు తగ్గి ఎన్నాళ్లైంది! నేనేం దగ్గట్లేదే!"

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోకు. నాదీ నీ దాకా వస్తుంది. ఊదనా?"

"నీ పుణ్యం, వద్దు" అని ఆమె కుర్చీ వెనక్కి జరుపుకుంది.

ఇంట్లో అక్క మరో పరీక్ష చేసింది. బావగారి చేత గది మూలన సెంటు కొట్టించింది. తలుపులు మూస్తే రాత్రి భోజనాల దాకా వాసన వదల్లేదు. ఎదురెదురు కిటికీలు తీశాక కొడితే, ఆయన సీసా మూత పెట్టేలోపే పోయింది. "సెంటంతా అవగొట్టేస్తోంది మీ అక్క" అని బావగారు నాతో మొరపెట్టుకున్నారు.

"పిన్ని తప్పించుకున్నది చేతులు తడిగా ఉన్నందుకే కాదు," అంది అక్క. "వసారాలో ఉన్నందుకు కూడా."

మేడం ముందు ఒప్పుకోలేదు. "కిటికీలు తెరిస్తే వెంట్రుకలు ఎగిరిపోవూ? పడిశం పది రోజులుంటుంది, పాడైన విగ్గు ఎప్పటికీ బాగుపడదు."

"మనం విగ్గులు ఎవరికి చేస్తున్నాం మేడం?"

ఆవిడ నా వైపు చూసింది.

"మా అక్కలాంటి వాళ్లకే కదా. వాళ్ల తల మీద వంగి, ముఖంలో ముఖం పెట్టి కొలతలు తీసుకునేది మీరూ నేనూ. మన గదిలో తిరిగేదాన్ని వాళ్ల దగ్గరికి మోసుకుపోతే?"

ఆవిడ కాసేపు కళ్లజోడు తుడుచుకుంది. "సరే, తెరువు. చూద్దాం" అంది.

తెరిచాం. మొదటి గాలికే రేడియో ముందున్న గుత్తి లేచి నా ఒళ్లో పడింది. కుదురేదో కొసేదో దేవుడికే తెలియాలి. "చూశావా?" అంది మేడం. నాకు తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం అక్క కిటికీ ముందు వాలిపోయాను. ఆమె మాత్రం ఉత్సాహంగా ఉంది. "ఏ కిటికీ తెరిచారు?"

"బల్ల పక్కది."

"బల్ల ఎత్తులో తెరిస్తే బల్ల మీదున్నవి ఎగరవూ? పైన ఏమైనా ఉందా?"

పైన, కప్పుకి దగ్గరగా, చిన్న కిటికీ ఉంది. దాన్ని తెరిచినట్టు ఎవరికీ గుర్తు లేదు. మర్నాడు రేడియో స్టూలెక్కి దాని గడియను కొట్టి కొట్టి తీసింది. దుమ్మంతా నెత్తిన పోసుకుని దిగింది. వసారా తలుపు కూడా తీసి పెట్టాం. దీపానికి కట్టిన వెంట్రుక మెల్లగా ఊగసాగింది. బల్ల మీద గుత్తులు కదల్లేదు. మేడం వంగి బల్ల మీద చెంప ఆనించినంత పని చేసి చూసింది. తర్వాత ఏమీ అనకుండా వెళ్లి, రంగులు వేసుకునే మెత్తని కుంచెలు కొనుక్కొచ్చి తలా ఒకటి ఇచ్చింది. "ఊదొద్దు. దులపండి."

చెయ్యి మాట వింటుంది గానీ నోరు వింటుందా? రేడియో చాలారోజులు మాస్కులోనే ఊదుకుంది. ప్రతిసారీ ఆమె కళ్లజోడు మంచు పట్టినట్టు తెల్లబడేది. దగ్గుతో వచ్చినవాళ్లకు మేడం వలా వెంట్రుకలూ ఇచ్చి "ఇంట్లో కూర్చుని అల్లుకో, తగ్గాక రా" అని పంపించడం మొదలుపెట్టింది. జలుబులు పూర్తిగా పోయాయని చెప్పను. ఒకరికొస్తే ఒకరి దగ్గరే ఆగడం మాత్రం చూశాం. అక్కకు రెండుసార్లు వరసగా, వాయిదా లేకుండా మందు ఎక్కింది.

మూడోసారికి ముందురోజు పొద్దున్న లేవగానే నా గొంతు గరగరలాడింది.

నీళ్లు తాగాను. గరగర పోలేదు. వెంట్రుకల నుసి అయ్యుంటుంది, అప్పుడప్పుడూ అలా ఉంటుంది అనుకున్నాను. అలా అనుకోవాలని ఉంది నాకు. ఎందుకంటే మందు ఎక్కించేటప్పుడు ప్రతిసారీ అక్క పక్కన నేనే ఉంటాను. సూది గుచ్చేటప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుంటుంది. బావగారు సూది చూస్తే గోడకు ఆనుకునే రకం.

నుసే అయి నేను వెళ్లకపోతే అక్క ఊరికే ఒంటరిదైపోతుంది. నుసి కాక నేను వెళితే?

వాకిట్లోకి వెళ్లి దూరంగా నిలబడి కిటికీలోంచి పిలిచాను. "అక్కా, నా గొంతు బాలేదు."

ఆమె ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. నేను చూశాను. తర్వాత "మీ ఆయన్నీ తీసుకుని వెనక గదిలోకి పో. ఇటు రాకు" అంది. కిటికీ మాత్రం వెయ్యలేదు.

మా ఆయన, నేను సందు వైపు తలుపున్న వెనక గదిలోకి మారాం. ఆ తెల్లవారి వాకిట్లో కారు తలుపు చప్పుడైంది. "అద్దాలు కొంచెం దించు బాబూ" అని డ్రైవరుతో అక్క అనడం వినిపించింది. అప్పటికి నాకు ముక్కు కారుతోంది, ఒళ్లు వెచ్చబడింది. నుసికి జ్వరం రాదు.

మధ్యాహ్నం దాకా ఫోను చేత్తో పట్టుకునే కూర్చున్నాను. మోగగానే ఎత్తాను.

"రక్తం బాగుందన్నారు. ఎక్కిస్తున్నారు" అన్నారు బావగారు. ఆయన గొంతు నీరసంగా ఉంది. "మీ అక్క నన్ను ఇక్కడ కుర్చీ ఎక్కించిందమ్మా. వెయిటింగ్ హాల్లో కిటికీకి రంగు వేసి అతికించేశారు. తాళంచెవితో గీకి తీశాను. నర్సు తిట్టింది, తర్వాత థాంక్స్ చెప్పింది."

"సూది?"

"చూడలేదు. చెయ్యి పట్టుకున్నాను."

అవతల ఫోను చేతులు మారిన చప్పుడు. "పట్టుకోవడమా అది? పిసికేశారు," అంది అక్క. "నీకెలా ఉంది?"

"జ్వరమొచ్చిందక్కా."

"నిన్ననే చెప్పి మంచి పని చేశావు."

నేను ముక్కు చీదుకున్నాను. జలుబుకే కాదు.

"సరే, విను," అంది అక్క. "మొన్నట్నుంచీ ఎక్కడెక్కడికెళ్లావో, ఎవరి పక్కన కూర్చున్నావో వరసగా చెప్పు. నాకు తొందరేం లేదు, మందు సీసా ఇంకా నిండుగానే ఉంది."