తలుపు వద్దంది

వీరభద్రయ్యగారి ఇంటి తలుపు పొద్దున్నే పాలమనిషి సువార్తమ్మకి తెరుచుకునేది. ఆ తర్వాత పూలవాడికి, ఆ తర్వాత కంకిపాడు వైపు నుంచి చీరల మూటలు నెత్తిన పెట్టుకొచ్చే నేతగాళ్ళకి. ఎవరూ తోయనక్కర్లేదు. మెట్టెక్కితే చాలు, రెండు రెక్కలూ వాటంతటవే లోపలికి జరిగి దారిచ్చేవి. బెజవాడ వన్‌టౌన్లో, ఆ సందులో, దీని గురించి ఎవరూ నోరు వెళ్ళబెట్టేవారు కాదు. ఒకళ్ళింట్లో కరిచే కుక్క ఉంటుంది, ఒకళ్ళింట్లో వినపడని మామగారుంటారు, వీళ్ళింట్లో తలుపుంది.

ఆ ఇంటికి ఉన్నది ఆ ఒక్క తలుపే. దానికి ఉన్నది ఒక్కటే పట్టింపు. మొదటిసారి వచ్చినవాళ్ళని ఎవర్నయినా రానిచ్చేది. లోపలికొచ్చి కీడు చేసి వెళ్ళారా, మళ్ళీ జన్మలో రానిచ్చేది కాదు. ఉతికితే వెలిసిపోయే రంగు అంటగట్టిన రంగులవాడు రెండోసారి వస్తే మొహం మీదే దడాలున మూసుకుంది. నాలుగు రోజులుంటానని వచ్చి మామిడిపళ్ళు అయిపోయేదాకా కదలని మైలవరం చుట్టం, ఆ తర్వాత ఎప్పుడొచ్చినా అరుగు మీదే కాఫీ తాగి, అరుగు మీదే క్షేమం అడిగి వెళ్ళేవాడు. పాలగిన్నె బోర్లించిన పిల్లికీ అదే మర్యాద. ఆ పిల్లికి ఒక కూన పుట్టింది, తల్లిలాగే ఒక చెవి నలుపు. పాపం అది ఏ పాలూ ముట్టలేదు. అయినా రానివ్వలేదు. పోలికంటే పోలికే.

ఒకసారి పొరపాటు కూడా పడింది. వీరభద్రయ్యగారు ఏదో పెళ్ళికి వెళ్తూ, ఒక నూలు ఏజెంటు కోటు అరువు తెచ్చుకుని తొడుక్కున్నారు. ఆ ఏజెంటు అంతకుముందే ఈ ఇంట్లో కూర్చుని నాసి నూలు అమ్మిపోయినవాడు. పెళ్ళి చూసుకుని తిరిగొస్తే తలుపు తెరుచుకోలేదు. ఇంటి యజమాని అరుగు మీద నిలబడి, "నేనే! వీరభద్రయ్యని! ఈ ఇంట్లోనే పుట్టాను!" అని తలుపుకి విన్నవించుకున్నారు. సందులోవాళ్ళు కూడా వచ్చి, "అవును, ఆయనే" అని సాక్ష్యం చెప్పారు. తలుపు వినలేదు. చివరికి కిటికీలోంచి కూతురు, "నాన్నా, ఆ కోటు విప్పి చూడు" అంది. విప్పారు. తెరుచుకుంది.

ఆ కూతురి పేరు బాలత్రిపురసుందరి. అంత పేరూ పిలిచే ఓపిక లేక ఇంట్లో సుందరి అనేవారు. తర్వాతి కాలంలో ఆవిడ చాలా పెద్ద డాక్టరయింది. ఒంట్లో దూరిన జబ్బుని ఒళ్ళు ఎలా పోల్చుకుంటుంది, ఎలా గెంటేస్తుంది అనే విద్యలో ఆవిడ పేరు చెప్పకుండా పాఠం సాగేది కాదు. ఒక మెడికల్ కాలేజీకి డీన్ కూడా అయింది. ఒళ్ళు తన సొంత కీళ్ళనే పరాయివనుకుని తగాదా పెట్టుకునే జబ్బుకి పుస్తకాల్లో నోరు తిరగని పేరుంది. ఆవిడ మాత్రం క్లాసులో దాన్ని 'మా నాన్న కోటు' అనేది. పిల్లలు పరీక్షలో కూడా అలాగే రాసి, మార్కులు పోగొట్టుకుని, మళ్ళీ ఆవిడ గదికే వచ్చి ఏడ్చేవారు.

అయితే మనం చెప్పుకునేది యుద్ధం రోజుల మాట. అప్పటికి డీనూ లేదు, డాక్టరూ లేదు. స్కూలు ఫైనలు పాసయి, ఇంట్లో కూర్చుని నూలు కండెలు చుడుతూ, చుట్టినంతసేపూ ప్రశ్నలడిగే పిల్ల ఉంది. స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్ హనుమాయమ్మగారు పట్టుబట్టి గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో సీటిప్పించారు. హాస్టలూ కుదిర్చారు. జూన్ నెలాఖరులోగా వెళ్ళి చేరాలి. చేరకపోతే ఆ సీటు ఇంకొకరిది.

ఇంట్లో ఈ మాట ఎత్తినప్పుడల్లా నాయనమ్మ చౌడేశ్వరమ్మగారు ఒక్కటే అడిగేది.

"గుంటూరులో ఈ తలుపుందా?"

ఎలా ఉంటుంది? తలుపు ఇక్కడే ఉంది.

చౌడేశ్వరమ్మగారు ఆ ఇంటికి కొత్త కోడలుగా వచ్చిన ఏడు అమ్మవారు పోసింది. మశూచికం అనే పేరు ఆ రోజుల్లో ఎవరూ పైకి అనేవారు కాదు. ఆవిడ బతికింది గానీ మొహమంతా గుంటలు మిగిలాయి. తలుపు ఆ సంగతి మర్చిపోలేదు. అప్పట్నుంచీ ఊళ్ళో ఎన్నిసార్లు అమ్మవారు తిరిగినా, ఆ జ్వరం మోసుకొచ్చిన మనిషి మెట్టెక్కకముందే దడాలున మూసుకునేది. ఆ ఇంట్లో మళ్ళీ ఎవరికీ రాలేదు. కానీ ఆవిడ పెద్దకొడుకు వెంకటప్పయ్య, బట్టల బేరానికి పొరుగూరు వెళ్ళి, వానకి చిక్కుకుని ఆ రాత్రి అక్కడే పడుకున్నాడు. అక్కడ ఈ తలుపు లేదు. అమ్మవారు అతన్ని అక్కడ కలుసుకుంది.

ఆ తర్వాత ఆ ఇంట్లో పుట్టినవాళ్ళెవరూ ఒక్క రాత్రి కూడా ఆ తలుపుకి అవతల నిద్రపోలేదు. వీరభద్రయ్యగారు బందరు వెళ్ళినా సాయంత్రం బండికి తిరిగి రావాల్సిందే. అలాంటి ఇంట్లో హాస్టలట!

"మరి టీకా వేయించుకుంటే?" అంది సుందరి.

"టీకాలాయన ఏటా వస్తున్నాడు. తలుపు రానిచ్చిందా? తలుపే వద్దన్నాక మనం ఎవరమే?" అంది నాయనమ్మ. అక్కడితో ఆ మాట అయిపోయింది.

నిజమే, టీకాల ఇన్‌స్పెక్టరు బాలశౌరిగారు ఆ మెట్టెక్కడం, తలుపు మూసుకోవడం, ఆయన టోపీ సర్దుకుని పక్కింటికి వెళ్ళడం ఏటా జరిగేదే. ఆ ఏడు జూన్‌లో కూడా అలాగే వచ్చారు. అలాగే మూసుకుంది. కాకపోతే ఆ రోజు సుందరి అరుగు మీద కూర్చుని ఉంది.

"నేనేం పాపం చేశానండీ ఈ తలుపుకి?" అన్నారు ఆయన, నొచ్చుకుంటూ.

"అదే నేనూ ఆలోచిస్తున్నానండీ. మీరు ఒక్కసారి కూడా లోపలికి రాలేదు. రాకుండా కీడెలా చేస్తారు?"

"చెయ్యనండీ! వచ్చినా చెయ్యను."

"అయితే ఆ సంచీ ఇక్కడ పెట్టి, వట్టి చేతుల్తో ఎక్కండి."

బాలశౌరిగారు సంచీ దించి, గొడుగు కూడా దించి, అనుమానంగా మెట్టెక్కారు. తలుపు హాయిగా తెరుచుకుంది. ఇన్నేళ్ళూ ఆ ఇంటి గుమ్మాన్ని మాత్రమే చూసిన మనిషి, చావిట్లో నిలబడి, పైకప్పు దూలాలన్నీ ప్రదర్శనశాలలో చూసినట్టు చూశారు. సుందరి మజ్జిగ ఇచ్చింది. తాగి బయటికొచ్చారు.

"ఇప్పుడు సంచీతో ఎక్కండి. కానీ అందులో ఉన్నవన్నీ తీసేసి."

తెరుచుకుంది. మళ్ళీ మజ్జిగ.

"ఇప్పుడు ఆ గీసే సూదొక్కటే పట్టుకుని."

తెరుచుకుంది. "మజ్జిగ వద్దమ్మా," అన్నారు బాలశౌరిగారు ముందే.

"ఇప్పుడు ఆ గాజు గొట్టం ఒక్కటే."

ఆయన సంచీలోంచి ఒక సన్నటి గొట్టం తీసి గుప్పిట్లో పట్టుకున్నారు. ఇంకా మెట్టు మీద కాలు పెట్టలేదు. దడాల్! చూరు మీద పావురాలు లేచిపోయాయి.

"మీ మీదేం పగ లేదండీ దానికి," అంది సుందరి కళ్ళు పెద్దవి చేసి. "మీ గుప్పిట్లో ఎవరో ఉన్నారు. ఎవరు?"

"టీకా మందమ్మా. ఆవులకి కూడా ఒక అమ్మవారు వస్తుంది. దాన్ని దూడ మీద పెంచి, ఆ పొక్కుల్లోంచి తీస్తారు. మంచిదే. మన అమ్మవారికి చెల్లెలనుకో. చిన్న పొక్కొచ్చి పోతుంది."

"చెల్లెలా?"

సుందరి సందు వైపు చూసింది. ఎదురింటి గోడ మీద నల్లచెవి కూన కూర్చుని తలుపు వైపే చూస్తోంది. ఏ పాలూ తాగని కూన.

"అంటే అక్కని చూసిన తలుపు చెల్లెల్ని చూసి పోల్చుకుంటోంది," అంది నెమ్మదిగా. "మరి చెల్లెల్నే ముందు చూసుంటే? అక్క వచ్చినప్పుడు పోల్చుకుంటుందా?"

"అదేనమ్మా టీకా అంటే!"

"అయితే మీరు మనుషుల చేతుల్లో తలుపులు పెడుతున్నారన్నమాట."

బాలశౌరిగారు టోపీ తీశారు. "నా సర్వీసులో చాలా తిట్లు తిన్నానమ్మా," అన్నారు. "ఇంత మంచి మాట ఎవరూ అనలేదు."

సుందరి అరుగు మీదే జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. ఆయన ముందు కిటికీ వైపు చూశారు. కిటికీ అవతల చౌడేశ్వరమ్మగారు కండె చుడుతూ కూర్చుని ఉంది. మొదట్నుంచీ అక్కడే ఉంది. అంతా చూసింది.

"అమ్మగారూ?" అన్నారు బాలశౌరిగారు.

"అరుగు వీధిది. అక్కడ జరిగేది నాకేం తెలుసు?" అంది ఆవిడ. కండె ఆగలేదు.

గీసి, ఆ మందు రాశారు. ఆ కాస్తకి తలుపు పెద్దగా పట్టించుకోలేదు. సుందరి లోపలికి వెళ్తుంటే సగం దారిలో ఆగి, కిర్రుమని ఏదో ఆలోచించి, సరేలెమ్మని వదిలింది. మర్నాడు గీత ఎర్రబడింది. తర్వాత గింజలా లేచింది. సుందరి గడప దాటకుండా లోపలే కూర్చుని రోజూ దాన్ని చూసుకునేది. ఒకరోజు పొద్దున లేచేసరికి పొక్కు నిండుగా, గుండ్రంగా, ముత్యంలా ఉంది.

ఆ పొద్దున సుందరి ఏ పనీ లేకుండా వీధిలోకి వెళ్ళింది. పూలు అక్కర్లేదు, పాలు వచ్చేశాయి, ఉప్పు డబ్బా నిండుగా ఉంది. ఊరికే వెళ్ళి, సందు చివరిదాకా నడిచి, తిరిగొచ్చి మెట్టెక్కింది.

దడాల్!

వీరభద్రయ్యగారు లుంగీ ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ఆయన బయటికొస్తే తెరుచుకుంది, సుందరి అడుగేస్తే మూసుకుంది. పట్టుకుని తోశారు. భుజం పెట్టి తోశారు. చేతులకి ఎప్పుడూ ఉండే నల్లరంగు తలుపంతా అంటింది. మూటల మీద గుర్తులేసే రంగు అది. వానాకాలం వస్తే రోజుల తరబడి ఆరదు, ముట్టుకున్న ప్రతిదానికీ అంటుతుంది.

"ఏదైనా విప్పాలేమో చూడవే! ఏం తొడుక్కున్నావు?"

"చెయ్యి నాన్నా. దీన్నెలా విప్పను?"

"అమ్మా!" అని అరిచారు ఆయన కిటికీలోకి. "సొంత పిల్లని రానివ్వటం లేదు! ఏం చెయ్యమంటావు?"

చౌడేశ్వరమ్మగారు తీరిగ్గా కిటికీ దగ్గరికొచ్చింది. "నేనేం చేస్తానురా? తలుపు వద్దన్న మనిషిని ఈ ఇంట్లో ఎప్పుడైనా రమ్మన్నామా? నా సొంత తమ్ముడు అరుగు మీద కాఫీ తాగి పోలేదూ?"

మైలవరం చుట్టం ఆవిడ తమ్ముడే.

"మరి రాత్రికి ఎక్కడ పడుకుంటుంది?"

"ఎక్కడో అక్కడ. ఆ గుంటూరులో హాస్టలేదో ఉందన్నారుగా."

వీరభద్రయ్యగారు తల్లి వైపు చూశారు, కూతురు వైపు చూశారు. తర్వాత, ఆ ఇంట్లో ఎవరో ఒకరు అడగాలి కాబట్టి, ఆయనే అడిగారు. "గుంటూరులో తలుపుందా?"

సుందరి చెయ్యి చూపించింది. ఆ నిండు పొక్కుని చౌడేశ్వరమ్మగారు కిటికీ ఊచల్లోంచి వంగి, చాలాసేపు చూసింది. ఆవిడ వేలు తన చెంప మీద ఒక గుంట దగ్గరికి వెళ్ళి ఆగింది.

"వాడి చేతికి ఇది పెట్టి పంపలేకపోయాను," అంది. ఎవరికి అని ఎవరూ అడగలేదు. ఊచల్లోంచి చెయ్యి చాపి సుందరి వేళ్ళు గట్టిగా పట్టుకుని, వదిలేసింది. "ఒరే భద్రం, నా మంచం కింద పెట్టె ఉంది, తీసుకురా. మధ్యాహ్నం బండికి దీన్ని దింపి, సాయంత్రానికి నువ్వు వచ్చెయ్యి. నీ చేతికి తలుపు లేదు."

రైలు కృష్ణా వంతెన మీదికొచ్చేసరికి వాన మొదలైంది. వీరభద్రయ్యగారు ఎదురు బల్ల మీద కునుకు తీస్తున్నారు. డాక్టరయ్యాక సుందరిని చాలామంది అడిగారు, ఆ పొద్దున తలుపు మూసుకుంటుందని మీకు ముందే తెలుసా అని. ఆవిడ నవ్వేదే గానీ అవుననీ కాదనీ అనలేదు. తెలిసినా, ఆ మాత్రం తెలివికి ఆవిడ గొప్పగా మురిసిపోయి ఉండేది కాదు. ఎందుకంటే ఆ రోజు రైల్లో, ఒళ్ళో ఉన్న రేకు పెట్టెని ఆవిడ మొదటిసారి సరిగ్గా చూసింది. మూత మీద నల్లరంగుతో, నాయనమ్మ వంకర అక్షరాలతో, 'బాలత్రిపురసుందరి, గుంటూరు' అని పొడుగ్గా రాసి ఉంది. మూటల మీద వేసే, రోజుల తరబడి ఆరని రంగు. సుందరి ఆ అక్షరాల మీద వేలు పెట్టి, మొదటి నుంచి చివరిదాకా రాసింది. తర్వాత వేలు తిప్పి చూసుకుంది.

ఏమీ అంటలేదు.