పై వాని భార్య

శనివారం మధ్యాహ్నం గుడి ఊడ్చడం రత్నమ్మ పని. ఎవరూ అప్పజెప్పలేదు. పదకొండేళ్ల కిందట గుళ్లో వాక్యం చెప్పే ఉపదేశి చనిపోయాక ఎవరో ఒకరు ఊడ్చాలి కదా అని చీపురు పట్టింది. ఆ చీపురు మళ్లీ ఎవరూ అడగలేదు.

బంగారుపాళ్యం పక్కన మామిడి తోటల నడుమ ఉన్న ఆ చిన్న చర్చిని ఊళ్లో అందరూ గుడి అనే అంటారు. పాస్టరయ్య చిత్తూరు నుంచి నెలకొకసారి వస్తాడు. తక్కిన రోజుల్లో జ్వరం తగిలినవాళ్ల మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసేది రత్నమ్మ. మాటలు మానుకున్న అత్తాకోడళ్లను ఒకచోట కూర్చోబెట్టేది ఆమే. కాన్పయినా చావయినా మొదటి పిలుపు ఆమెకే. ఆదివారం మాత్రం సంఘపెద్ద ఏకాంబరం ముందు కుర్చీలో కూర్చుంటాడు, రత్నమ్మ తలుపు దగ్గర చాప మీద.

ఆ రోజు చేతులు ఊడుస్తున్నాయి గాని ఆమె చూపంతా బల్ల మీది సంఘం పుస్తకం మీదే ఉంది. మర్నాడు పాస్టరయ్య వచ్చి కొత్త పెద్దల్ని ఎంచుతాడని ఏకాంబరం దాన్ని పెట్టెలోంచి తీసి, పక్కన కలం కూడా పెట్టి వెళ్లాడు. బాప్తిస్మం తీసుకున్న వాళ్లందరి పేర్లూ అందులో ఉంటాయంటారు.

గోవిందయ్య తల్లి కుప్పమ్మ మూడు రోజులుగా మంచంలో ఉంది. గంజి కూడా దిగడం లేదు. పొద్దున రత్నమ్మ చెయ్యి పట్టుకుని అడిగింది.

"దేవుని దగ్గర పుస్తకం ఉండాదంటివే. పేరుండేవాళ్లనే లోపలికి రానిస్తారంటివే. నా పేరుండాదా మే?"

"ఉండాదవ్వా."

"నువ్వు సూసినావా?"

రత్నమ్మ ముసలామె దుప్పటి సర్దింది. "పైది సూడలేను గానీ, గుళ్లో పుస్తకం సూసొస్తా. ఇప్పుడు నాకు సదువొచ్చు గదా. ఈడుంటే ఆడా ఉన్నట్టే" అంది.

చదువంటే పోయినేడు వయోజన విద్య బడిలో, యాభై రెండేళ్ల వయసులో కూడబలుక్కున్నదే. ఊడ్చిన దుమ్ము, ఆకులు గుడి నడుమ కుప్పగా చేసి, చేతులు కొంగుకు తుడుచుకుని, పుస్తకం తెరిచింది. వేలు కదుపుతూ చదివింది.

గోవిందయ్య. పై వాని భార్య. పై వాని తల్లి.

తనకే చదవడం రాలేదేమో అనుకుంది. కాగితం తిప్పింది. తిరుమలయ్య. పై వాని భార్య. పై వాని కూతురు. సుబ్రమణ్యం. పై వాని భార్య. చంకలో ఉన్న మగబిడ్డకు పేరుంది, వాడికి పాలిచ్చినామెకు లేదు. ఇంకో నాలుగు కాగితాల తర్వాత తన మొగుడు కనిపించాడు. గురప్ప. కింద, పై వాని భార్య. రెండింటి మీదా ఒకటే ఎర్ర సిరా గీత. పక్కన సన్నటి రాత: తాగుబోతు, తీసివేయడమైనది.

గురప్ప పోయి ఏడేళ్లు. ఓట్లకు పేర్లు రాసుకోవడానికి ఎవరో వస్తే, "దానికి పేరెందుకబ్బా, నేనుండాను గదా" అన్నవాడు. అతను తాగినందుకు దెబ్బలు ఆమె తింది. అతను తాగినందుకే సంఘం ఆమెనూ తీసేసింది. ఆ సంగతి ఆమెకెవరూ చెప్పలేదు. చెబితే శనివారాలు ఎవరు ఊడుస్తారు?

"ఏం మే, పుస్తకం పట్టినావే!" ఏకాంబరం కుర్చీలు లెక్క చూసుకోవడానికి వచ్చాడు. "నాలుగక్షరాలు వస్తూనే రేపు పెద్దల్లో నిలబడదామనా ఏంది?"

"అన్నా, ఆడోళ్ల పేరు ఒక్కటీ లేదే."

"ఎవురి పెండ్లామో తెలిస్తే ఎవురో తెలిసినట్టే గదా."

"నన్ను కొట్టేసినారే."

ఏకాంబరం వంగి చూసి నవ్వాడు. "కొట్టేసింది గురప్పను. నువ్వు వాని కిందుండావు, గీత నీమీదా పడింది. ఇప్పుడు నీకేం తక్కువైంది? ప్రభువు బల్ల కాడ రొట్టె ఇస్తానే ఉండారు, నువ్వు ఊడస్తానే ఉండావు. ఊడ్సేదానికి పేరెందుకు మే?"

ఇంకో రెండు కుర్చీలు కావాలంటూ అతను సైకిలెక్కి వెళ్లిపోయాడు.

రత్నమ్మ మోకాళ్ల మీద కూర్చుంది. ఎన్నడూ వెతుక్కోని ప్రార్థన ఆ రోజు దొరకలేదు. ఈ పదకొండేళ్లలో తొమ్మిది మంది ఆడవాళ్లకు తన చేత్తో కళ్లు మూసింది. నీ పేరుండాది, నెమ్మదిగా పో అని ఒక్కొక్కరి చెవిలో చెప్పింది. వాళ్లంతా ఎక్కడ నిలబడి ఉన్నారో! వాకిట్లో ఎవరు మీరని అడిగితే ఏం చెప్పుకున్నారో! పైన ఉన్న పుస్తకం కూడా ఏ ఏకాంబరమో రాసి ఉంటే? ఎదురుగా దుమ్ము కుప్ప. ఎత్తి పారబొయ్యాలి. బుట్ట మీదికి చెయ్యి పోయింది, మధ్యలో ఆగింది. లేచి పుస్తకం, కలం కొంగులో చుట్టుకుని బయటికి నడిచింది.

కుప్పమ్మ కళ్లు తెరిచే ఉంది. "ఉండాదా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "లేదవ్వా. పై వాని తల్లి అని రాసినారు."

"పై వాడెవురు?"

"గోవిందయ్య."

ముసలామె పళ్లులేని నోటితో నవ్వబోయి దగ్గింది. "నేను కన్నోడు నాకు పైవాడెప్పుడైనాడు మే? నువ్వు రాయి."

"నేను రాస్తే చెల్లదేమో అవ్వా. నన్నే తీసేసినారు."

"రాయి."

"ఏ పేరు రాసేది? బాప్తిస్మమప్పుడు అయ్యగారు కుప్పమ్మనే పేరు బాగలేదు, వేరే పేరు పెడతాననె గదా."

"పెట్టనే లేదే. నాకు ముందు ముగ్గురు పోతే మాయమ్మ నన్ను సెత్తకుప్ప మీద పొర్లించి ఎత్తుకునింది. అట్ల బతికినాను. అదే రాయి."

రత్నమ్మ మంచం పట్టె మీద పుస్తకం పెట్టి రాసింది. ప కింద ఒత్తు పెట్టేటప్పుడు అక్షరం వంకరపోయింది. దేవుడికి ఈ రాత తెలుస్తుందో లేదో. కుప్పమ్మ వేలితో తడి సిరాను తాకింది.

"ఇది నేనా?"

"నువ్వే."

"నీది యాడుండాది?"

రత్నమ్మ కాగితాలు తిప్పి ఎర్ర గీత చూపించింది.

"నువ్వు లేని సోటికి నన్నొక్కదాన్నే పంపిస్తావా మే?"

అప్పుడే వాకిట్లో సైకిలు ఆగిన చప్పుడు. ఏకాంబరం కేక. "రత్నమ్మా! పుస్తకం యాడ? గుడి నడుమ ఆ కుప్పేంది? అట్లే వదిలేసి వచ్చేస్తే ఎవురెత్తాల దాన్ని?"

రత్నమ్మ తల ఎత్తలేదు. ఎర్ర గీతకు కింద, ఖాళీ చోట, 'ర' సున్నా చుట్టినట్టు మెల్లగా చుట్టింది.

"ఈ పొద్దుకు నువ్వెత్తన్నా. నేను రాస్తా ఉండాను."