ఎర్రగీత దాటిన ముల్లు

పొద్దున్నే షెడ్డుకు వచ్చేసరికి షట్టరు ముందు చిన్నోడి కారు ఆగి ఉంది. బానెట్టు తెరిచి పెట్టి, దాని పక్కన చిన్నోడు పరీక్ష తప్పిన పిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ నిలబడటం చూడగానే వదినకు ఈ రోజు తన చేతిలో లేదని అర్థమైపోయింది.

కార్లు బాగుచేసే ఆ షెడ్డు ఆమెదే. తండ్రి దగ్గర పని నేర్చుకుని, ఆయన తర్వాత తనే నడుపుతోంది. చిన్నోడు ఆమె భర్తకు తమ్ముడు. ముప్పై దాటి, పొట్ట వచ్చి, రోజూ ఇస్త్రీ చొక్కాతో ఆఫీసుకు వెళుతున్నా ఇంట్లో చిన్నోడే. అతను "వదినా, వదినా" అని వీధంతా వినపడేలా పిలవగా పిలవగా, చివరికి వచ్చే పోయే బేరాలవాళ్లు కూడా ఆమెను వదినే అనడం మొదలుపెట్టారు.

"ఏం చేశావు?" అంది తాళం తీస్తూ.

"నేనేం చేయలేదు వదినా. కొత్త వేస్ట్‌గేట్ పెట్టాను, అంతే. అప్పట్నుంచీ బూస్ట్ ఎక్కువొస్తోంది. గేజీలో ముల్లు ఎర్రగీత దాటిపోతోంది."

"ఏమీ చేయలేదంటూనే ఇంత చేశావన్నమాట."

అతని కారుకు టర్బో ఉంది. ఇంజిన్ వదిలే పొగతోనే ఒక చక్రం తిరిగి, గాలిని ఒత్తి మళ్లీ ఇంజిన్లోకి తోస్తుంది. అలా తోసే ఒత్తిడే బూస్ట్. అది మితిమీరకుండా, కాలువ పొంగినప్పుడు తూము ఎత్తినట్టు, మిగులు పొగను పక్కకు వదిలేసే కవాటమే వేస్ట్‌గేట్. కంపెనీ పెట్టిన కవాటం ఇన్నేళ్లూ మారు మాట్లాడకుండా పని చేసింది. చిన్నోడు ఇంటర్నెట్‌లో ఊదారంగువి, తళతళలాడేవి చూశాడు. చూసినవాడు ఊరుకోలేదు.

"అంతా వీడియోలో చూపించినట్టే చేశాను," అన్నాడు.

అప్పుడే కారు వెనక తలుపు తెరుచుకుని మావగారు దిగారు. ముప్పై ఏళ్లు లారీ తోలిన మనిషి. కారన్నది ఎవరు బాగుచేయిస్తున్నా పక్కన తాను లేకపోతే ఆ బాగు బాగు కాదని ఆయన నమ్మకం.

"మీరెందుకొచ్చారు మావయ్యా?"

"వాడొక్కడే వస్తే నిన్ను విసిగిస్తాడని వచ్చానమ్మా," అన్నారాయన.

ముగ్గురూ కారెక్కి ఊరి బయట వెడల్పాటి రోడ్డు మీదికి వెళ్లారు. వదిన నడిపింది. రోడ్డు ఖాళీగా ఉన్న చోట పెడలు గట్టిగా తొక్కింది. ముల్లు తాడు తెంచుకున్న దూడలా ఒక్క ఉదుటున ఎర్రగీత దాటింది. అంతే, ఇంజిన్ ఎక్కడ పేలిపోతుందోనని కంప్యూటర్ పెట్రోలు ఆపేసింది. కారు ఎవరో మెడపట్టి వెనక్కి లాగినట్టు కుదిపింది. వెనక కూర్చున్న మావగారి నుదురు ముందు సీటుకు తగిలింది.

"లారీల్లో ఇలాంటివి ఉండేవి కావు," అన్నారాయన నుదురు రుద్దుకుంటూ.

షెడ్డుకు తిరిగొచ్చి చూస్తే తప్పు ఎదురుగానే ఉంది. కవాటానికి గాలి గొట్టం కింద తగిలించాలి. ఆ గాలి కింద నుంచి తోస్తేనే తలుపు తెరుచుకుంటుంది. చిన్నోడు పైన తగిలించాడు. ఒత్తిడి పెరిగే కొద్దీ తలుపు ఇంకా గట్టిగా మూసుకుంటోంది.

"వీడియోలో ఇలాగే ఉంది వదినా," అని ఫోను తీశాడు.

"ఏదీ, చూపించు."

అతను వేలితో తోస్తూ, తోస్తూ వెళ్లి ఒక చోట ఆగాడు. కాసేపు తల ఇటు వంచి, అటు వంచి చూశాడు. తర్వాత ఫోను జేబులో పెట్టుకున్నాడు. "అది వేరే మోడల్‌లా ఉంది."

వదిన స్పానరు అందుకుంది. గొట్టం మార్చి, మళ్లీ అందరినీ ఎక్కించుకుని వెళ్లింది. ఈసారి ముల్లు దూకలేదు. బుద్ధిగా లేచి, ఎర్రగీత కింద ఆగింది. చిన్నోడు తొడ చరిచాడు. ఇంజిన్ వేగం పెరుగుతుంటే ముల్లు కూడా నెమ్మదిగా, పిల్లి వంటింట్లోకి నడిచినట్టు, గీత దాటింది. మళ్లీ అదే కుదుపు. మావగారు ఈసారి ముందుగానే సీటు పట్టుకున్నారు.

"అమ్మాయ్, నా మాట విని పాతదే పెట్టెయ్. దాంతో ఏ పేచీ లేదుగా," అన్నారు.

ఆమెకూ అదే మంచిదనిపించింది. "పాతదెక్కడుందిరా?"

చిన్నోడు కిటికీలోంచి బయటికి చూశాడు. "టర్బోలోనే ఉంది."

"అయితే మంచిదేగా."

"తెరుచుకోకుండా వెల్డు పెట్టించేశాను. రెండు ఉండకూడదన్నారు."

అదీ నిజమే. కొత్తది పెట్టినప్పుడు పాతదాన్ని మూసేయాల్సిందే. అందుకని తిట్టడానికి కూడా వీల్లేకపోయింది. అదే ఆమెకు ఎక్కువ మంట పుట్టించింది.

ఇక మొదలైంది అసలు తద్దినం. ఇంజిన్ చల్లారేదాకా ఆగాలంటే పొద్దు పోతుంది. ఆగకుండా చెయ్యి పెడితే కాలుతుంది. ఆమె పెట్టింది, కాలింది. కవాటం విప్పి బల్ల మీద పెట్టి కంప్రెసర్ గాలి పట్టింది. తలుపు నిండుగా తెరుచుకుంది. స్ప్రింగు తీసి చూసింది. పెట్టెలో వచ్చినవాటన్నిట్లోకీ మెత్తనిదే వేసి ఉంది. గొట్టాలు సబ్బు నీళ్లలో ముంచింది. ఒక్క బుడగ లేదు. కవాటంలో లోపం లేదు, స్ప్రింగులో లేదు, గొట్టంలో లేదు. ఆమె పని చేసినంతసేపూ చిన్నోడు వెనకే నిలబడి ఫోనులో చదువుతూనే ఉన్నాడు.

"ఇక్కడొకాయన గేజీయే తప్పు చూపిస్తుందేమో చూడమన్నాడు వదినా."

"రెండో గేజీ పెట్టి చూశాను. నీ ముందే పెట్టాను."

"ఇంకొకాయన సాఫ్ట్‌వేర్ అంటున్నాడు."

"ఆ ఇద్దర్నీ పిలు. ఇక్కడికొచ్చి చేతులు కాల్చుకోమను."

మావగారు స్టూలు మీద కూర్చుని, లారీకి ఎత్తు మీద బ్రేకులు పోయిన కథ ఎత్తుకున్నారు. ఆ కథ షెడ్డు గోడలకు కూడా కంఠతా వచ్చు.

వదిన కవాటం తిరిగి బిగించబోతూ ఆగింది. అప్పటిదాకా అది పని చేస్తోందా లేదా అనే చూసింది కానీ, ఎక్కడ ఉందో చూడలేదు. ఇంజిన్ నుంచి నాలుగు పొగగొట్టాలు వచ్చి ఒకచోట కలుస్తాయి. తూములాంటి ఈ కవాటం ఆ కలిసే చోట, పొగ పోయే వాలులో ఉండాలి. ఇది ఒకే గొట్టం మీద, పైకి నిలువుగా, పైగా వెనక్కి తిరిగి ఉంది. పరిగెత్తేవాడి వీపు తట్టి వెనక సందులోకి రమ్మంటే ఎవడొస్తాడు? తలుపు బార్లా తెరిచినా పొగ అటు తిరగదు. తిన్నగా టర్బోలోకే పోతుంది.

"దీన్ని ఇక్కడెందుకు పెట్టావు?"

"వెల్డరే పెట్టాడు," అన్నాడు చిన్నోడు.

ఆ వెల్డరు ఆమెకు తెలిసినవాడే. ఫోను చేసి, స్పీకరు పెట్టి, బల్ల మీద ఉంచింది.

"కిందే పెడదామన్నానమ్మా," అన్నాడు వెల్డరు. "చోటుంది కూడా. ఆయనే వద్దన్నారు. బానెట్టు ఎత్తగానే కనపడాలన్నారు."

వదిన ఫోను ఆపేసింది. మావగారి కథలో లారీ కూడా ఎత్తు మీద సగంలో నిలిచిపోయింది.

"పొద్దుట్నుంచీ నా ప్రాణం తోడుతున్నావు," అంది వదిన. గొంతు పెంచలేదు. "చెయ్యి కాల్చుకున్నాను. బేరాలు వెనక్కి పంపాను. నీకిది తెలుసు. తెలిసీ సాఫ్ట్‌వేరన్నావు, గేజీ అన్నావు. నీకు కారు కావాలా, లేకపోతే నీ కారు నలుగురూ చూస్తే చాలా? అదే చాలనుకుంటే దానికి ఇంజిన్ ఎందుకు, తీసేసి పూలకుండీ పెట్టుకో."

చిన్నోడి మొహం ఎర్రబడింది. వీధిలోకి వెళ్లిపోయాడు.

"నాలుగు తగిలించాల్సిందే," అన్నారు మావగారు. మళ్లీ తనే, "పూలకుండీ అనడం మాత్రం కాస్త ఎక్కువైందమ్మా," అన్నారు.

ఆమె గిన్నెలో నీళ్లు పట్టుకొచ్చింది. కాలిన వేలు నీళ్లలో పెట్టుకుని కూర్చుంది. కోపం తగ్గలేదు. కానీ ఆ కోపం కింద పూలకుండీ మాట గుచ్చుకుంటోంది.

అతను తిరిగొచ్చాడు. మందుల షాపులో కొన్న కాలిన గాయాల మలాం ఆమె ముందు పెట్టాడు.

"అది ఎక్కడ పెట్టానన్నదానికీ బూస్ట్‌కీ సంబంధం లేదనుకున్నాను వదినా. నిజంగానే. కనపడాలని పెట్టానంటే నవ్వుతారని చెప్పలేదు." తలెత్తకుండా చెప్పుకుపోయాడు. "ఆఫీసులో నేను మాట్లాడితే ఎవరూ సగం కూడా వినరు. మీటింగులో నోరు తెరిస్తే ఇంకొకడు అందుకుంటాడు. మొన్న పార్కింగులో బానెట్టు ఎత్తితే ఆరుగురు చుట్టూ చేరారు. ఇదేంటి, అదేంటి అని అడిగారు. అంతసేపు నన్నెవరూ ఎప్పుడూ ఏమీ అడగలేదు."

వదిన మలాం మూత తీసి వేలికి రాసుకుంది. ఆమెకు ఏదో మంచి మాట అనాలనే ఉంది. కానీ పొద్దున్నుంచీ తిట్టిన నోటికి అది వెంటనే దొరకలేదు.

"ఆ గొట్టం కోసేస్తాను," అంది చివరికి. "కింద పెడతాను. ఎవడికీ కనపడదు. సరేనా?"

"సరే."

"తర్వాత ఏడవకూడదు."

"ఏడవను."

కోసింది. పాత రంధ్రానికి మూత వెల్డు చేసింది. నాలుగు గొట్టాలూ కలిసేచోట వాలుగా కొత్త దారి తీసి, ఆ ఊదారంగు కవాటాన్ని ఇంజిన్ అడుగున, మట్టీ నూనే ఉండే చోట బిగించింది. చిన్నోడు కారు కింద పడుకుని స్పానర్లు అందించాడు. మధ్యలో ఎందుకు, ఏమిటి అని అడిగాడు. ఆమె విసుక్కుంటూనే అన్నీ చెప్పింది.

సాయంత్రం మళ్లీ అదే రోడ్డు. ఈసారి చిన్నోడు నడిపాడు. వదిన కళ్లు ముల్లు మీదే ఉన్నాయి. అది లేచింది, గీత కింద ఆగింది. ఇంజిన్ అరుపు పెరిగింది, ముల్లు కదల్లేదు. ఇంకా పెరిగింది. కదల్లేదు. ఆమె అప్పుడు ఊపిరి వదిలింది.

"ఇప్పుడు బాగైనట్టేనా?" అన్నారు వెనక నుంచి మావగారు. "నాకు పొద్దుటికీ ఇప్పటికీ తేడా ఏం తెలియలేదు. కుదుపు లేదంతే."

"ఆ కుదుపు కోసమే మావయ్యా ఇంత గొడవ."

దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగారు. పెట్రోలు కొట్టే అతను టర్బో ఈల విని, "ఏం వేయించారు సార్ దీనికి?" అని అడిగాడు. చిన్నోడు దిగాడు. బానెట్టు ఎత్తితే కనపడేదేమీ లేదు. ఒక్క క్షణం తటపటాయించి, ఇస్త్రీ చొక్కాతోనే నేల మీద వెల్లకిలా పడుకుని, కారు కిందికి చెయ్యి చాపి చూపించసాగాడు. పెట్రోలతను కూడా పక్కన వంగాడు. పొగ ఎటు పోతుందో, దారి వాలుగా ఎందుకుండాలో చిన్నోడు చెబుతున్నాడు. ఒక్క ముక్క కూడా తప్పు చెప్పడం లేదని వదిన లోపల కూర్చుని గమనించింది. వెనక ఇంకో కారు వచ్చి ఆగింది. అతను ఇంకా చెబుతూనే ఉన్నాడు.

"ఆకలేస్తోందమ్మాయ్," అన్నారు మావగారు.

వదిన పక్కకు వంగి హారన్ మీద చెయ్యి పెట్టి, తియ్యకుండా నొక్కింది.