డోరీన్ ముందు గదిలో కూర్చున్న శనివారం

అమ్మమ్మ తడిగుడ్డతో సోఫా మీది ప్లాస్టిక్ తొడుగు తుడుస్తోంది. మడతలు తిరిగిన చోటల్లా గుడ్డలో వేలు దూర్చి మరీ తుడుస్తోంది. ఆ సోఫా మీద ఎవరూ కూర్చోరు కనుక దానికి పట్టేది దుమ్ము ఒక్కటే. ఆ దుమ్మును కూడా అమ్మమ్మ శనివారం దాటి ఉండనివ్వదు.

"కూర్చోవచ్చా?" అని అడిగింది షెవాన్ అక్క, కెమెరా స్టాండు కాళ్ళు విప్పుతూ.

"నువ్వు అతిథివా?"

"కాదు, సినిమా తీసేదాన్ని."

"అయితే నిలబడు."

షెవాన్ మా పెద్దమ్మ కూతురు. ఇంగ్లండులో మేముండే హడర్స్‌ఫీల్డ్ ఊరి మీద డాక్యుమెంటరీ తీస్తోంది. నల్లవాళ్ళకు గది అద్దెకివ్వని ఇళ్ళు, లోపలికి రానివ్వని క్లబ్బులు, రెండోసారి రావద్దన్న చర్చి, వీటి గురించి. వచ్చే నెలలో ఊరి సినిమా హాల్లో వేస్తారు. నేను మాట్లాడేది తక్కువ కనుక శబ్దం పని నాకు అప్పజెప్పింది. చెవులకు హెడ్‌ఫోన్లు, ఒళ్ళో రికార్డరు. అమ్మమ్మ కాలరుకు చిన్న మైకు తగిలించాను. అమ్మమ్మ ఆదివారపు నీలం టోపీ పెట్టుకుని ఉంది. ఇంట్లో టోపీ ఎందుకని అడిగితే, కెమెరా ఇల్లెందుకవుతుందే అంది.

"వంటింట్లో తీద్దాం అమ్మమ్మా," అంది షెవాన్. "ఇక్కడ మరీ కొట్లో సామాను సర్దినట్టుంది. గాజు చేపలు, లేసు గుడ్డలు... వంటింట్లో అయితే నిజంగా ఉంటుంది."

"వంటిల్లు మనవాళ్ళకి. నీ సినిమా చూసేవాళ్ళు నాకేమవుతారు?"

షెవాన్ కెమెరా స్టాండు అక్కడే నిలబెట్టింది. మా ఇళ్ళలో ఎవరికీ చెప్పనక్కరలేని పద్ధతి అది. పాస్టరుగారు, బీమా ఏజెంటు, చావు కబురు తెచ్చినవాళ్ళు ముందు తలుపు కొట్టి ముందు గదిలో కూర్చుంటారు. సొంతవాళ్ళు వెనక తలుపు తోసుకుని నేరుగా వంటింట్లోకి వస్తారు. మా ముందు తలుపు వానకు ఉబ్బి, ఏడాదికి రెండు మూడుసార్లు మాత్రం తెరుచుకుంటుంది.

అమ్మమ్మ సినిమాకు ఒప్పుకున్నప్పుడు ఒక్కటే షరతు పెట్టింది. "చర్చి కథ చెప్తాను. ఆ రోజు అక్కడ ఎవరెవరున్నారని మాత్రం అడగకూడదు." షెవాన్ తల ఊపింది. ఏ సినిమా తీసేవాళ్ళయినా ఒప్పందాల దగ్గర అలాగే తల ఊపుతారు కాబోలు.

వెనక తలుపు చప్పుడైంది. డోరీన్ వచ్చింది.

డోరీన్ పక్కింటి ముసలామె. తెల్లావిడ. శనివారం సూపు రోజు, శనివారమైతే డోరీన్ రావలసిందే. గుమ్మడికాయ, కంద, పిండి ఉండలు, గొడ్డుమాంసం వేసి పొద్దున్నే పెద్ద గిన్నె ఎక్కిస్తుంది అమ్మమ్మ. చివర్లో ఎర్రటి గుండ్రటి మిరపకాయ ఒకటి తొడిమతో సహా పైన వదులుతుంది. అది చిట్లకుండా తేలితే సూపుకు వాసన మాత్రమే పడుతుంది. చిట్లిందో, వీధి వీధంతా దగ్గాలి. గరిట పట్టుకుని ఆ కాయకు కాపలా కాయడం డోరీన్ పని. నాకు జ్ఞానం వచ్చినప్పటినుంచీ ఆమెదే.

"యూలీ," అని అమ్మమ్మను పేరు పెట్టి వంటింట్లోంచి కేక. "నీ మనవరాలు ఫ్రిజ్‌లో తాళాలు పెట్టింది. చల్లబడ్డాక తింటుందా?"

నేను లేచి వెళ్ళి చెప్పాను. ఫ్రిజ్ మోత మైకులో పడుతుందని ఆపేశాను. వెళ్ళేటప్పుడు మళ్ళీ వెయ్యడం మరిచిపోకుండా ఇంటి తాళాలు అందులో పెట్టుకుంటాం, శబ్దం పనిచేసేవాళ్ళందరూ అలాగే చేస్తారు అని.

"తెలివైన పని తల్లీ," అంది డోరీన్, బట్టల మీద కట్టుకున్న వంట గౌను ముడి వీపు వెనక సవరించుకుంటూ. "నేనైతే తాళాలకి బదులు నా పళ్ళ సెట్టు పెడతాను. అది లేకుండా ఎక్కడికీ పోలేను."

ముందు గదిలో అమ్మమ్మ చెక్క కుర్చీలో నిటారుగా కూర్చుంది. కిటికీ పక్కనున్న పెద్ద కుర్చీ ఖాళీగా ఉంది. అది పాస్టరుగారిది.

"మొదలుపెట్టమంటావా? కన్నీళ్ళు ముందే కావాలా, చివర్నా?"

"అమ్మమ్మా."

"అడుగుతున్నానే. ఇదివరకు నన్ను సినిమా తీయడానికి మొదట వచ్చిన కుర్రాడికి మధ్యలో కావాల్సొచ్చింది. ఆ తర్వాత టీవీ వాళ్ళొచ్చారు. నేను నవ్వుతూ చెప్తే నా మాటల వెనక పియానో పెట్టారు. నేను తుమ్మినా పియానోయే. మన కష్టాల మీద తీసిన సినిమాలన్నిట్లో చూడు, మనవాళ్ళు కిటికీ దగ్గర నిలబడి వాన చూస్తూ ఉంటారు. ఇంట్లో పనుండదా వాళ్ళకి?"

"నా సినిమాలో పియానో లేదు," అంది షెవాన్. "కిటికీ కూడా లేదు. చెప్పు."

అమ్మమ్మ చెప్పింది. జమైకా నుంచి వచ్చి ఉన్ని మిల్లులో చేరిన మొదటి వారం. ఆదివారం పొద్దున్న ఉన్న ఒక్క మంచి గౌను తొడుక్కుని, టోపీ పెట్టుకుని, దగ్గరున్న చర్చికి వెళ్ళింది. ఆమె కూర్చున్న బల్ల మీద మరెవరూ కూర్చోలేదు. చలిదేశం కదా, ఎడంగా కూర్చుంటారేమో అనుకుంది. పాటలన్నీ తెలిసినవే కనుక గట్టిగా పాడింది. బయటికి వస్తుంటే పాదిరిగారు గుమ్మంలో చెయ్యి పట్టుకుని ఊపారు.

"'వచ్చినందుకు చాలా సంతోషమమ్మా' అన్నాడు. 'ఇక రాకపోతే ఇంకా సంతోషం, మావాళ్ళు ఇబ్బంది పడుతున్నారు' అన్నాడు. చెయ్యి మాత్రం వదల్లేదు. మంచి మర్యాదస్తుడు." అమ్మమ్మ ఆగింది. "ఇక్కడ ముఖం దగ్గరికి రావాలి నువ్వు."

షెవాన్ నవ్వాపుకుని కెమెరా తిప్పింది.

"ఆ పై ఆదివారం నుంచి ఈ గదిలోనే ప్రార్థన. అప్పుడీ ఇల్లు మా ఊరాయనది, నేను పైగదిలో అద్దెకుండేదాన్ని. పదిమంది పట్టే గదిలో ముప్ఫైమంది. చెమటకి గోడల కాగితం ఊడొచ్చింది. అదే మా చర్చి."

"ఆ రోజు ఇంటికెలా వచ్చావు?"

"తడుస్తూ. గొడుగు బల్ల కింద మర్చిపోయాను."

షెవాన్ కెమెరా మీంచి తల ఎత్తింది. ఈ కథ ఇంట్లో అందరం వందసార్లు విన్నాం. గొడుగు ఎప్పుడూ రాలేదు.

"వంటింటి తలుపు వెనక తగిలించి ఉన్న ఆ నల్ల గొడుగేనా? ఎముక పిడిది?"

"అదే."

"మరి అది మళ్ళీ ఎలా వచ్చింది?"

"గొడుగులు వస్తుంటాయి, పోతుంటాయి," అని అమ్మమ్మ లేచింది. "సూపు చూసొస్తాను."

కాలరుకున్న మైకు సంగతి ఆమె మరిచిపోయింది. నేను మరిచిపోలేదు, కానీ పిలిచేలోపే వెళ్ళిపోయింది. హెడ్‌ఫోన్లలో ఆమె చెప్పుల చప్పుడు, గిన్నె మూత, ఆ తర్వాత గొంతులు.

"గొడుగు దాకా పోయావేం యూలీ?"

"నోరు జారింది. ముసలితనం."

"చెప్పేసెయ్. పిల్ల అడుగుతోందిగా."

"అడగనీ. నా నోట్లోంచి నీ పేరు రాదు. ఆ సినిమా ఊరంతా చూస్తుంది. రేపు రొట్టెల కొట్లో నిన్ను చూసి, ఈవిడే ఆవిడ అంటారు. అంతకు ముందూ వెనకా నీకేమీ లేనట్టు."

"నేను ఆవిడనేగా."

"కాయ చూసుకో. పక్కకి పోతోంది."

నేను హెడ్‌ఫోన్లు తీసేయాల్సింది. తీసేలోపే నా ముఖం షెవాన్ కంటబడింది. వంగి హెడ్‌ఫోన్లు ఒక వైపు లాగి తన చెవికి పెట్టుకుంది. చివరి మాటలు ఇద్దరం విన్నాం.

అమ్మమ్మ వచ్చి కూర్చుంది. షెవాన్ మెల్లగా అంది. "డోరీన్ ఆ చర్చిలో ఉంది కదూ?"

అమ్మమ్మ తన కాలరు చూసుకుంది. మైకును తాకింది. నా వైపు చూసింది. కోపంగా ఏం లేదు, అందుకే తల దించుకున్నాను.

"షరతేమిటి షెవాన్?"

"తెలుసు. కానీ ఒక్క మాట విను. అన్ని సినిమాల్లోనూ నువ్వే చెప్పావు. నువ్వే ఏడ్చావు. ముందు బల్లల మీద కూర్చున్నవాళ్ళు ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు నోరు విప్పలేదు. వాళ్ళంతా ఏమైపోయారు? అసలు ఉన్నారా? పాదిరి ఒక్కడే తప్పు చేసినట్టు, మిగతా చర్చి ఖాళీగా ఉన్నట్టు ఉంటుంది ప్రతిసారీ. అది సరి కాదు అమ్మమ్మా."

"సరి కాదు," ఒప్పుకుంది అమ్మమ్మ. "అయినా నా కథ నాది, కావాలంటే పట్టుకుపో. డోరీ కథ నాది కాదు, ఎలా ఇస్తాను?"

"నాది నేనిస్తాను," అంది డోరీన్.

గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో గరిట. దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు నాకందించింది. వంట గౌను ముడి విప్పి, మడిచి, చంకలో పెట్టుకుంది. గదికి అడ్డంగా నడిచి వచ్చి, పాస్టరుగారి కుర్చీలో కూర్చుంది. దాని ప్లాస్టిక్ తొడుగు కిర్రుమంది.

ఇన్నేళ్ళలో డోరీన్ ఆ గదిలో కూర్చోగా నేను చూడలేదు. ఆమెను అక్కడ కూర్చోమని ఎవరూ అనలేదు కూడా. వంటింట్లో పొయ్యి పక్క స్టూలు ఆమెది.

"అక్కడ కాదే," అంది అమ్మమ్మ. "పద, వంటింట్లోకి. అది పాస్టరు కుర్చీ."

"ఇక్కడే బావుంటుందిలే." కెమెరా వైపు చూసింది. "ఇందులోకేనా చూడాలి?"

"నన్ను చూడండి," అంది షెవాన్. కెమెరా ఆపలేదు.

"పంతొమ్మిదేళ్ళు నాకప్పుడు. మూడో బల్లలో మా అమ్మ పక్కన ఉన్నాను. యూలీ మా వెనకెక్కడో. గొంతు బాగుంది. మా అమ్మ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. బయటికొచ్చేటప్పుడు మేం తన వెనకే ఉన్నాం. పాదిరిగారు అన్నది విన్నాను." డోరీన్ మడిచిన వంట గౌను మళ్ళీ మడిచింది. "ఎవరైనా ఏమైనా అంటారేమోనని అటూ ఇటూ చూశాను. అందరూ అలాగే చూస్తున్నారు. తర్వాత ఇంటికెళ్ళి భోంచేశాం. ఆదివారం మాంసం. ఆ రోజు బాగా కుదిరింది కూడా, అదే నాకిప్పటికీ..."

ఆగిపోయింది. మేడ మీద నీళ్ళ గొట్టం టకటకమంది. మామూలుగా అయితే ఆ శబ్దం పడిందని మళ్ళీ చెప్పించేదాన్ని.

"గొడుగు నాకు కనబడింది. శనివారం నాడు పట్టుకొచ్చాను. చెబుదామనే వచ్చాను. ముందు తలుపు కొట్టే ధైర్యం లేక సందులోంచి వెనక తలుపుకి వచ్చాను. యూలీ తలుపు తీసి, గొడుగు తీసుకుని, సూపు తాగుతావా అంది. తాగాను. పెళ్ళయ్యాక పక్కింటికే వచ్చాను. తాగుతూనే ఉన్నాను."

"ఎప్పుడైనా అమ్మమ్మకి క్షమాపణ చెప్పారా?" అంది షెవాన్.

డోరీన్ అమ్మమ్మ వైపు చూసింది. "లేదు."

"ఇప్పుడు చెప్తారా?"

"షెవాన్," అంది అమ్మమ్మ. "చాలు."

డోరీన్ లేచింది. వంటింటి వైపు ఒక అడుగు వేసి, ఆగి, ముందు తలుపు వైపు తిరిగింది. గొళ్ళెం తీసింది. తలుపు రాలేదు. గోడకు భుజం ఆనించి లాగింది. నేను సాయానికి లేవబోతే అమ్మమ్మ చెయ్యెత్తి ఆపింది. మూడోసారి లాగితే తెరుచుకుంది. బీమా ఏజెంటు వెళ్ళినట్టు మెట్లు దిగి వెళ్ళి, తలుపు తన వెనకే జాగ్రత్తగా లాగింది.

షెవాన్ కెమెరా ఆపింది. సినిమాకు కావలసింది దొరికింది. దొరికినవాళ్ళ ముఖంలా లేదు ఆమె ముఖం.

"అమ్మమ్మా, నువ్వు వద్దంటే ఇది పెట్టను."

"నన్నడుగుతావేం? ఇచ్చింది నేనా?" అంది అమ్మమ్మ. "డోరీనే అడుగు. రేపు అడుగు, ఇవాళ కాదు."

అప్పుడు వంటింట్లోంచి ఘాటు వచ్చింది. మొదట నాకు దగ్గొచ్చింది, తర్వాత షెవాన్‌కు. వెళ్ళి చూస్తే, కాపలా లేని కాయ చిట్లి, గింజలు సూపు మీద తెల్లగా తేలుతున్నాయి.

"అయ్యో, గిన్నెడు సూపూ పోయింది," అంది షెవాన్, కళ్ళు తుడుచుకుంటూ.

అమ్మమ్మ నా చేతిలోంచి గరిట తీసుకుంది. గింజలు పైపైన తీసి పారబోసింది. మూతగిన్నె ఒకటి దించి, కంద ముక్కలు రెండు ఎక్కువ పడేలా సూపు పోసింది. డోరీన్‌కు పిండి ఉండలు ఇష్టం. అవి ఏరి ఏరి వేసింది. మూత పెట్టి గుడ్డతో కట్టింది. టోపీ తలమీదే ఉంది. మైకు కూడా కాలరుకే ఉంది, దాని చిన్న ఎర్ర దీపం వెలుగుతూ.

షెవాన్ ఆ దీపం చూసింది. నన్ను చూసింది. నేను చేతిలోని రికార్డరు ఆపి, హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను. షెవాన్ వెళ్ళి ఫ్రిజ్ తెరిచి, నా తాళాలు నాకిచ్చి, మీట వేసింది. ఫ్రిజ్ మోత మొదలైంది.

బయట తుంపర పడుతోంది. గొడుగు తలుపు వెనక కొక్కేనికే ఉంది, అమ్మమ్మ రెండు చేతులూ గిన్నెకే సరిపోయాయి. మోచేత్తో గడియ నొక్కి, వెనక తలుపును కాలితో లోపలికి లాగి, మా వైపు చూడకుండా, డోరీన్ ఇంటి వైపు సందులోకి దిగింది.