బయటి బెంచీ

నేను ఒక బెంచీని. నలుగురు సుఖంగా, ఐదుగురు సర్దుకుని కూర్చోగలిగిన మద్దిచెక్క బెంచీని. పలాస దగ్గర ఒక వడ్రంగి నన్ను టూరింగ్ టాకీసు కోసం చేశాడు. అక్కడున్న పదేళ్ళూ నా మీద కూర్చుని ఈలలు వేసినవాళ్ళూ, ఏడ్చినవాళ్ళూ ఉన్నారు గాని, నా వంక చూసినవాడు ఒక్కడూ లేడు. టాకీసు ఎత్తేశాక జీడిపిక్కల బట్టీవాళ్ళు కొనుక్కుపోయి నా మీద బస్తాలు పేర్చారు. బస్తాలే నయం, కాళ్ళు ఊపవు.

బట్టీ కూడా మూతపడ్డాక ఉద్దానంలోని ఈ చిన్న పెంకుటింటి అరుగు మీదికి చేరాను. ఇది కిడ్నీ పరిశోధన ట్రస్టు వారి ఆఫీసు. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో రాయిలాంటి మనుషులకు కూడా ఉన్నట్టుండి మూత్రపిండాలు చెడిపోతాయి. నీళ్ళ వల్లనా, నేల వల్లనా, ఎండ వల్లనా అన్నది తేలలేదు. అది తేల్చాలని ఏడుగురు ట్రస్టీలు పూనుకున్నారు. జీతం లేదు, భత్యం లేదు, టీ కూడా ఎవరి ఫ్లాస్కు వాళ్ళదే. ఏడుగురూ ఒక మాట మీదికి రావాలంటే ఏడు ఫ్లాస్కులూ ఖాళీ అవ్వాల్సిందే.

వాళ్ళకో నియమం ఉంది. ట్రస్టు పత్రం రాసిన లాయరు గట్టిగా పెట్టిపోయాడు: ఏ నిర్ణయం వల్లనైనా తన ఇంటివాళ్ళకో, దగ్గరి బంధువులకో మేలు జరిగేటట్టుంటే ఆ ట్రస్టీ లేచి, చర్చ ముగిసేదాకా బయట కూర్చోవాలి. ఆ బయట అంటే నేనే. తమ్ముడి ఇల్లు ల్యాబుకు తీసుకోవడం మీద మాట్లాడిన రోజు ఒక పెద్దమనిషి గంటసేపు నా మీద కూర్చున్నాడు. ఒక చెవి కిటికీకి అప్పగించి, వినడంలేదని లోపలివాళ్ళకు తెలియడానికి మధ్యమధ్య గట్టిగా దగ్గాడు. మనుషుల నిజాయితీకి అప్పుడప్పుడు ఇలా దగ్గు వస్తూ ఉంటుంది.

కిందటేడు విశాఖపట్నం నుంచి డాక్టర్ హైమ ఒక జాబితా పట్టుకొచ్చింది. రోగం అప్పుడప్పుడే మొదలైనవాళ్ళు మూడు వందల మంది. వాళ్ళకు ఐదేళ్ళపాటు నెలనెలా రక్తం, మూత్రం, తాగే నీళ్ళు పరీక్షిస్తే రోగం ఎక్కడ పుడుతోందో దొరకవచ్చు. ఏమాత్రం తేడా వచ్చినా వెంటనే మందు మార్చవచ్చు. ట్రస్టు తీర్మానం చేస్తే చాలు, పని మొదలవుతుంది.

అధ్యక్షుడు సన్యాసిరావు మాస్టారు, రిటైరైన సైన్సు టీచరు, జాబితా చదవడం మొదలుపెట్టాడు. రెండో పేజీలో ఆయన భార్య పేరు వచ్చింది. ఆయన కళ్ళజోడు తీసి, నియమం ప్రకారం బయటికి వచ్చి నా మీద కూర్చున్నాడు. ఐదు నిమిషాలకు మరొకాయన వచ్చాడు, మేనల్లుడు ఉన్నాడట. తరవాత ఇద్దరు. చివరికి ఏడుగురూ బయటే తేలారు. ఐదుగురు నా మీద, ఇద్దరు మెట్ల మీద. లోపల డాక్టరమ్మ ఒక్కర్తే ఖాళీ కుర్చీల మధ్య కూర్చుంది. కనీసం ఐదుగురు లోపల ఉంటేనే తీర్మానం చెల్లుతుంది. కాబట్టి ఒకరినొకరు మెచ్చుకుని, వాయిదా వేసుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు. రెండో నెలా అదే తంతు. ట్రస్టీలంతా ఈ ఊళ్ళవాళ్ళే ఉండాలన్నదీ ఆ లాయరు రాసిందే మరి.

నేను నవ్వుకున్నాను. అలా నవ్వినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మూడో సమావేశానికి జాబితాలో ఒక పేరు కొట్టేసి ఉంది. అది ట్రస్టీ తామాడ దమయంతి తమ్ముడిది. ఈ రెండు నెలల్లోనే రోగం ముదిరి డయాలసిస్‌కు వెళ్ళాడు. ఇక అతను మొదటిదశ మనిషి కాడు, జాబితాకు పనికిరాడు. దమయంతి పాతికేళ్ళు నర్సుగా చేసిన మనిషి. ఆ రోజు అందరితోపాటు బయటికి వచ్చింది గాని కూర్చోలేదు. నా మీద అప్పటికే ఆమె కొడుకు ధనుంజయ ఉన్నాడు. తల్లిని ఆటోలో తీసుకొచ్చి ఎదురుచూస్తున్నాడు. ముప్పై ఏళ్ళవాడు. అతని పేరూ జాబితాలో ఉంది.

డాక్టరమ్మ గుమ్మంలోకి వచ్చి, సాయంత్రంలోగా తీర్మానం అందకపోతే పరీక్షలు చేసే పెద్ద ల్యాబువాళ్ళు ఈ ఏడాదికి మన పని తీసుకోరని చెప్పింది. మాస్టారు మళ్ళీ వాయిదా అనబోయాడు.

"ఇంట్లో రోగం లేనోడు ఈ చుట్టుపక్కల ఎవడున్నాడు మాస్టారూ?" అంది దమయంతి. "ఇలగ లెగిసి బయటకొచ్చీసి కూకుంటే, వొచ్చే ఏటికి ఆ కాయితం మీద ఎంతమంది మిగుల్తారు?"

నియమం మార్చేద్దామన్నాడు ఒకాయన. ఆమె ఒప్పుకోలేదు. నియమం మంచిదే, మనవాళ్ళకోసం మనం చేసుకున్నామన్న మాట రేపు ఒక్కడు అన్నా పరిశోధనను ఎవరూ నమ్మరు అంది. మన ఇళ్ళ పేర్లు మనమే తీసేస్తే లోపల కూర్చోవచ్చు కదా అంది.

పేరు తీసేస్తే ఆ నెలనెలా పరీక్ష ఉండదు. బస్సెక్కి ఊళ్ళు దాటి పెద్దాసుపత్రి వరసలో నిలబడాలి. మాస్టారు కండువా చేతికి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు.

దమయంతి కొడుకు వైపు తిరిగింది. "నీ పేరు తీసీమందునా, నానా?"

అతను నా అంచును రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు, ఆ పట్టు నాకు తెలిసింది. మిగిలేవాళ్ళు ఎంతమంది అని డాక్టరమ్మను అడిగాడు. ట్రస్టీల ఇళ్ళవి పది పేర్లు పోగా రెండు వందల ఎనభై తొమ్మిది అంది ఆమె.

"తీసీ అమా," అన్నాడు. "గాని ఇలాటివి ఇంట్లో అడగాల. ఇంతమంది ముందర అడిగితే ఒద్దని ఎలగంతాను?"

ఆమె అతని భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, డాక్టరమ్మ దగ్గర కలం తీసుకుని, జాబితాను నా మీదే పెట్టి కొడుకు పేరు కొట్టేసింది. తరవాత మాస్టారి వంతు. భార్యకు ఫోన్ చేసి, పక్కకు వెళ్ళి చాలాసేపు మాట్లాడి వచ్చి మరీ కలం పట్టుకున్నాడు. మిగతావాళ్ళూ ఫోన్లు తీశారు. ఒక్కాయన తన మేనల్లుడు ఒప్పుకోలేదని చెప్పి బయటే ఉండిపోయాడు. ఆయనను ఎవరూ ఏమీ అనలేదు, ఆ పేరు జాబితాలో అలాగే ఉంది. మిగిలిన ఆరుగురూ లోపలికి వెళ్ళారు. తీర్మానం పది నిమిషాల్లో అయిపోయింది. ఇన్నేళ్ళలో ఒక్క ఫ్లాస్కూ తెరవకుండా ముగిసిన సమావేశం అదొక్కటే.

ఇప్పుడు నెలలో మొదటి మంగళవారం నా మీద చోటుండదు. జాబితాలోవాళ్ళు నీళ్ళ సీసాలు ఒళ్ళో పెట్టుకుని వరసగా కూర్చుంటారు. దూరపు ఊళ్ళవాళ్ళను ధనుంజయే ఆటోలో తెస్తాడు. ముసలివాళ్ళను చెయ్యిపట్టి మెట్లెక్కిస్తాడు. అందరూ అయ్యేదాకా నా కొసన కూర్చుని ఉంటాడు.

తలుపు తెరిచి ఒక్కొక్కరినే పిలుస్తుంది వాళ్ళమ్మ. అతని పేరు పిలవదని అతనికి తెలుసు. అయినా తలుపు తెరిచిన ప్రతిసారీ తల ఎత్తి చూస్తాడు.